పిల్లల చదువు సంగతి ఇంటికి ఎలా చెప్పాలి: ప్రైమరీ టీచర్లకు

"ఈరోజు బళ్లో ఏం చెప్పారు?" అని అడిగితే రెండో తరగతి పిల్లవాడు చెప్పే జవాబు "ఏం లేదు". వాడేమీ దాచడం లేదు. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా జరిగినవన్నీ ఒకచోట కూర్చి చెప్పడం ఆ వయసుకి కష్టం. అదే "పుల్లలు కట్టలు కట్టారట కదా, ఒక్కో కట్టలో ఎన్ని పెట్టావు?" అని అడిగి చూడండి, ఆపకుండా చెబుతాడు. ఆ ప్రశ్న అడగాలని అమ్మకి ఎలా తెలుస్తుంది? టీచర్ చెబితేనే తెలుస్తుంది.

తల్లిదండ్రులకి తెలియాల్సినవి మూడు సంగతులు. పిల్లవాడు ఇప్పుడు ఏం చేయగలుగుతున్నాడు, ఎక్కడ ఆగిపోతున్నాడు, ఇంట్లో పది నిమిషాలు తీరిక దొరికితే ఏం చేయాలి. "బాగానే చదువుతున్నాడు", "శ్రద్ధ తక్కువ", "లెక్కల్లో వీక్" అనే మాటల్లో ఈ మూడింటిలో ఒక్కటీ లేదు. అవి తీర్పులు. తీర్పు విన్న తండ్రి పిల్లవాణ్ణి మెచ్చుకుంటాడు, లేదా కోప్పడతాడు. అంతకుమించి ఏదైనా చేయడానికి ఆయన చేతికి మనం ఏమీ ఇవ్వలేదు.

ముందు ఎవరికి చెప్పాలో తేల్చుకోండి

బడి తెరిచిన మొదటి వారంలోనే ఒక్కో పిల్లవాడికి ఒక కార్డు రాసుకోండి. అరచేయంత అట్టముక్క చాలు. ఇంట్లో ఏమని పిలుస్తారు, చదువు సంగతి చూసేది ఎవరు, ఫోన్ ఎవరి దగ్గర ఉంటుంది, ఏ వేళలో ఎత్తుతారు, ఇంట్లో ఏ భాష మాట్లాడతారు, ఫోటోలు తీయడానికి ఒప్పుకున్నారా. అడ్మిషన్ రిజిస్టరులో ఉన్న నంబరు తండ్రిది అయ్యుంటుంది. ఆయన పొద్దున పనికి వెళ్లి రాత్రికి వస్తాడు. హోంవర్కు దగ్గర కూర్చునేది అమ్మమ్మో, పెద్దక్కో. మెసేజ్ పంపినా చేరాల్సిన మనిషికి చేరకపోవడానికి చాలాసార్లు కారణం ఇదే. తల్లిదండ్రులు విడిగా ఉంటున్నట్టయితే ఇద్దరికీ పంపాలా, ఒకరికే పంపాలా అన్నది మీరు ఊహించకండి, బడి ఆఫీసులో కనుక్కుని కార్డు మీద రాయండి.

చదవడం రాదని పెద్దవాళ్లు నోరు తెరిచి చెప్పుకోలేరు. అందుకని "రాసి పంపమంటారా, మాట్లాడి పంపమంటారా?" అని అందరినీ ఒకేలా అడగండి. ఎవరికీ చిన్నతనం అనిపించదు, మీకు కావలసింది మీకు తెలుస్తుంది.

వారానికి ఒక మెసేజ్

రోజూ పంపితే చదవడం మానేస్తారు. నెలకోసారి పంపితే వాళ్లు చూసేసరికి పాఠం దాటిపోతుంది. వారానికి ఒకటి, ఎప్పుడూ ఒకే రోజు, ఒకే వేళ. సెలవు ముందురోజు సాయంత్రం అయితే పిల్లలతో కూర్చునే వీలు ఉంటుంది. 80 మాటలు దాటకుండా, ఫోన్‌లో పైకి జరపకుండానే కనిపించేంత. వాయిస్ మెసేజ్ అయితే ఒక నిమిషం, మహా అయితే నిమిషంన్నర.

ఇలా ఉండొచ్చు:

"నమస్తే అండీ. ఈ వారం రెండో తరగతిలో తీసివేతలు మొదలుపెట్టాం. పిల్లలు పది పుల్లల్ని ఒక కట్టగా కట్టి, అవసరమైనప్పుడు కట్ట విప్పి లెక్క చేస్తున్నారు. ఇంట్లో ఇలా అడగండి: '32 లోంచి 8 తీసెయ్యాలంటే కట్ట ఎందుకు విప్పాలి?' జవాబు తప్పయినా వెంటనే దిద్దకండి, పుల్లలతో చేసి చూపించమనండి. సోమవారం ఒక్కొక్కరు 40 పుల్లలు తేవాలి. వచ్చే వారం ఇవే లెక్కలు కాగితం మీద చేస్తాం."

ఇందులో ప్రాణం ఆ ప్రశ్నలోనే ఉంది. అవును, కాదు అని తేల్చేసే ప్రశ్న అయితే మాట అక్కడితో ఆగిపోతుంది. పిల్లవాడు చేతులతో చేసి చూపించగలిగేదో, ఎందుకో చెప్పాల్సి వచ్చేదో అడగాలి. "7వ పాఠం పూర్తయింది" అని రాస్తే ఇంట్లో ఎవరికీ ఏమీ తెలియదు. "స్థానవిలువ" అని రాసినా అంతే. "పదులు, ఒకట్లు" అంటే అందరికీ తెలుస్తుంది. తెమ్మన్న వస్తువుల్ని మాత్రం మిగతా మాటల్లో కలిపేయకుండా విడి వాక్యంగా రాయండి, లేకపోతే సోమవారం సగంమంది ఖాళీ చేతులతో వస్తారు.

మెసేజ్‌తో పాటు ఒక ఫోటో పంపండి: చేసి ఉన్న ఒకే ఒక్క లెక్క, మెట్లన్నీ కనపడేలా. తల్లిదండ్రులు చిన్నప్పుడు నేర్చుకున్న పద్ధతి వేరు కావచ్చు. ఇంట్లో వాళ్ల పద్ధతి, బళ్లో మన పద్ధతి రెండూ కలిసి పిల్లవాడు సగం ఇటూ సగం అటూ చేస్తాడు. వాళ్ల పద్ధతి తప్పని అనకండి, "పుల్లలతో కుదురుకునేదాకా ఇలా చేయిద్దాం" అంటే చాలు.

ఒక తప్పుని దగ్గర నుంచి చూస్తే

52 లోంచి 27 తీసెయ్యాలి. ఒక పిల్లవాడు 35 అని రాశాడు, ఇంకో పాప 26 అని రాసింది. ఇద్దరి నోటుబుక్కుల్లోనూ ఇంటు గుర్తే పడుతుంది. ఇంటికి వెళ్లాక ఇద్దరూ "లెక్కలు రావు" అన్న మాటే పడతారు.

కానీ ఆ రెండూ ఒకే తప్పు కాదు. 35 రాసిన పిల్లవాడు 2 లోంచి 7 పోదు కాబట్టి తిరగేసి 7 లోంచి 2 తీసేశాడు, తర్వాత 5 లోంచి 2. వాడి పేజీలో మిగతా లెక్కలు చూడండి: 58 − 27 కి 31, సరిగ్గానే ఉంటుంది. 43 − 18 కి మళ్లీ 35, 61 − 34 కి 33. అప్పు అక్కర్లేనివన్నీ ఒప్పు, అప్పు తెచ్చుకోవాల్సినవన్నీ తప్పు. పరధ్యానంతో చేసిన పని కాదిది, వాడు తనకు తానే ఒక పద్ధతి కట్టుకున్నాడు. 26 రాసిన పాప సంగతి వేరు. 52 నుంచి వేళ్ల మీద వెనక్కి లెక్కపెట్టుకుంటూ, 52నే మొదటి వేలు కింద జమకట్టింది. అందుకే ఒకటి తేడా. ఆ పాపకి తీసివేత అంటే ఏమిటో తెలుసు, లెక్కపెట్టడం ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు.

పిల్లవాడి ఇంటికి ఇలా చెప్పొచ్చు: "మీ బాబు మామూలు తీసివేతలు సరిగ్గా చేస్తున్నాడండీ. 52 లోంచి 27 లాంటివి వచ్చేసరికి, 2 లోంచి 7 పోదని తిరగేసి తీసేస్తున్నాడు. ఇంట్లో ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు వాడి ముందు పెట్టి, 27 పుల్లలు మీ చేతికి ఇమ్మనండి. కట్ట విప్పక తప్పదని వాడికే తెలుస్తుంది. రోజుకి రెండు లెక్కలు చాలు, వారం తర్వాత నేను మళ్లీ చూసి చెబుతాను." పాప ఇంటికి చెప్పాల్సింది ఒక్కటే: వెనక్కి లెక్కపెట్టేటప్పుడు మొదటి వేలు ముడవగానే 51 అనాలి.

చదవడం గురించి చెప్పేటప్పుడూ ఇంత దగ్గరగా వెళ్లాలి. "తెలుగు చదవలేకపోతోంది" అంటే తల్లి ఎక్కడ మొదలుపెట్టాలి? "గుణింతాలు గడగడా చదువుతోందండీ, ఒత్తు వచ్చేసరికి వదిలేస్తోంది, 'అక్క'ని 'అక' అని, 'పువ్వు'ని 'పువు' అని చదువుతోంది" అంటే దారి కనిపిస్తుంది. రోజుకి ఒత్తులున్న మాటలు ఐదు, ఒత్తు కింద వేలు పెట్టి చదివించడం. తల్లికి చదవడం రాకపోయినా చేయగలిగిన పని ఉంది: పిల్ల చదువుతుంటే పది నిమిషాలు వినడం, చివర్లో "ఇప్పుడు పుస్తకం మూసి నాకు చెప్పు" అనడం. ఇది చిన్న సాయం కాదని ఆమెకి గట్టిగా చెప్పండి.

చదివే వేగం చెప్పాలనుకుంటే నెలకోసారి ఒక నిమిషం చదివించి, సరిగ్గా చదివిన మాటలు లెక్కపెట్టి తేదీతో రాయండి. ప్రతిసారీ ఇంచుమించు ఒకే స్థాయి పేజీ కావాలి, కిందటిసారి తేలికది, ఈసారి కష్టమైంది ఇస్తే ఆ అంకెలకి అర్థం లేదు. తల్లిదండ్రులకి చూపించాల్సింది ఆ పిల్ల పాత అంకె, కొత్త అంకె. "క్లాసులో ఎన్నో స్థానం?" అని తప్పకుండా అడుగుతారు. అప్పుడు రెండు నెలల కిందటి పేజీ తీసి ఇప్పటి పేజీ పక్కన పెట్టండి, వాళ్ల చూపు దాని మీదికి వెళుతుంది.

పాత పేజీలు దాచడం

అందుకోసం ఒక్కొక్కరికి ఒక ఫైలు. నెలకి మూడు కాగితాలు: సొంతంగా రాసిన నాలుగు వాక్యాలు, ఒక లెక్కల పేజీ, పిల్లలే ఎంచుకున్నది ఒకటి. మూలన తేదీ, ఎవరి సాయంతో చేశారు అన్నది రాయాలి. తేదీ లేకపోతే ఆర్నెల్ల తర్వాత ఏది ముందో ఏది వెనకో మీకే తెలియదు. అందంగా తిరగరాయించిన కాగితాలు పెట్టకండి. కొట్టివేతలతో ఉన్న మొదటి రాతలోనే పిల్లవాడి ఆలోచన కనిపిస్తుంది. రెండు నెలలకోసారి ఫైలు ఇంటికి పంపి, వారంలో వెనక్కి తెప్పించుకోండి.

ఫైలుతో పాటు పంపే చీటీలో సంతకం మాత్రమే అడగొద్దు. చదవకుండానే సంతకం పెట్టేస్తారు, కొన్నిసార్లు పిల్లలే పెట్టేస్తారు. "ఇందులో మీకు నచ్చిన పేజీ ఏది? ఎందుకు?" అని ఒక ప్రశ్న అడిగి, కింద రెండు గీతలు వదలండి. పెద్దవాళ్లు చెబుతుంటే పిల్లలు రాసినా సరే.

ఫోన్ ఎప్పుడు చేయాలి

బడి నుంచి ఫోన్ అంటే ఏదో జరిగిందన్న భయమే చాలా ఇళ్లలో ఉంటుంది. అందుకే మొదటి ఫోన్ మంచి మాటతో వెళ్లాలి. రోజుకి ఇద్దరి చొప్పున చేస్తే 30 మంది క్లాసు 15 పనిదినాల్లో, అంటే మూడు వారాల్లో అయిపోతుంది. ఒక్కో ఫోన్‌కి మూడు నిమిషాలు, చెప్పాల్సింది ఒకే సంగతి, అదీ కళ్లతో చూసింది: "నిన్న పక్కన కూర్చున్న పాపకి అంకెలు తప్పుపోతుంటే మీ అమ్మాయి ఓపిగ్గా చూపించిందండీ." ఆ తర్వాత ఎప్పుడైనా కష్టమైన మాట చెప్పాల్సి వస్తే, అవతలివాళ్లు వింటారు.

దెబ్బ తగిలినా, గొడవ జరిగినా పిల్లవాడు ఇల్లు చేరేలోపు చెప్పెయ్యండి. ఏం చూశారు, ఏం చేశారు, ఇప్పుడెలా ఉన్నాడు. రెండో పిల్లవాడి పేరు చెప్పకూడదు.

చేసిన ప్రతి ఫోన్‌కి ఒక నోటుబుక్కులో గుర్తు పెట్టుకోండి: నిలువు వరసలో పేర్లు, అడ్డంగా వారాలు. నెలాఖరున ఖాళీగా మిగిలిన వరసలు ఎవరివో చూడండి. చురుగ్గా ఉండే పిల్లల ఇళ్లకీ, అల్లరి చేసేవాళ్ల ఇళ్లకీ మాట వెళుతూనే ఉంటుంది. నోరు మెదపకుండా మధ్య బెంచీలో కూర్చుని, సగం మార్కులు తెచ్చుకునే పిల్లల వరసలే ఖాళీగా ఉంటాయి. వచ్చే నెల ఫోన్లు ఆ వరసలతోనే మొదలవ్వాలి.

వాట్సాప్ గ్రూపు

గ్రూపు ఉంటే టీచర్ మాత్రమే పోస్టు చేసేలా సెట్టింగ్ మార్చండి. లేకపోతే పండగ శుభాకాంక్షల కింద మీ మెసేజ్ మునిగిపోతుంది. ఒక్క పిల్లవాడి మార్కులు గానీ తప్పు గానీ గ్రూపులో పెట్టడం ఏ పరిస్థితిలోనూ కూడదు. ఫోటోల్లో పిల్లల ముఖాల కంటే బోర్డు, నోటుబుక్కు మేలు. ఎన్ని గంటల దాకా జవాబిస్తారో మొదటిరోజే చెప్పండి, చెప్పాక దాటకండి.

ఎదురెదురుగా కూర్చున్నప్పుడు

పేరెంట్స్ మీటింగులో ఒక్కో ఇంటికి 15 నిమిషాలు కేటాయించండి, నలుగురి తర్వాత 10 నిమిషాలు ఖాళీ ఉంచుకోండి, లేకపోతే ఆఖరున వచ్చినవాళ్లు గంట నిలబడాలి. టేబుల్‌కి అటూ ఇటూ కాకుండా ఒకే వైపు కూర్చుని ఫైలు మధ్యలో పెట్టండి. పిల్లల సైజు కుర్చీలు తప్ప వేరే లేకపోతే మీరూ అందులోనే కూర్చోండి.

మొదటి మాట మీది కాకూడదు. "ఇంట్లో బడి గురించి ఏమంటుంటాడండీ?" అని అడిగి మూడు నిమిషాలు వినండి. క్లాసులో మౌనంగా ఉండే పిల్లవాడు ఇంట్లో బొమ్మలకి పాఠాలు చెబుతుంటాడన్న సంగతి అప్పుడే బయటికి వస్తుంది. తర్వాత ఐదు నిమిషాలు ఫైలు తిప్పుతూ వచ్చినవి, రానివి చూపించండి. తర్వాత ఇంట్లో చేయాల్సిన పని ఒకటి, ఒకటే. మూడు చెబితే ఒక్కటీ జరగదు. దాన్ని చీటీ మీద రాసి, కింద మీరు చేసే పని కూడా రాసి, మళ్లీ ఎప్పుడు మాట్లాడుకుందామో తేదీ వేసి ఇవ్వండి. మిగిలిన సమయం వాళ్ల ప్రశ్నలకి.

పిల్లవాడు వెనకబడ్డాడన్న మాట వాళ్లు మొదటిసారి మీటింగులో వినకూడదు. మూడు వారాలుగా ఒకే చోట ఆగిపోయాడంటే అప్పుడే ఫోన్ చేయాలి. ఇంట్లోవాళ్లకి బడి భాష రాకపోతే పిల్లవాడి చేతే వాడి తప్పులు తర్జుమా చేయించకండి, పెద్దవాళ్లెవరినైనా పిలవండి.

రెండు మెసేజ్‌లకి, ఒక ఫోన్‌కి బదులు రాకపోతే మూడో మెసేజ్ వద్దు. కార్డు తీసి వేళ మార్చండి, లేదా మనిషిని మార్చండి. పిల్లవాణ్ణి తీసుకెళ్లడానికి ఎవరు వస్తున్నారో గేటు దగ్గర చూసి, రెండు నిమిషాలు వాళ్లతో మాట్లాడండి, నోటుబుక్కు తెరిచి ఒక పేజీ చూపించండి. ఆ మనిషి పేరు, నంబరు అప్పుడే కార్డు మీద రాసుకోండి.