రొయ్యల చెరువు సెన్సర్ ఫైల్లో టైము చదవడం

నెల్లూరు జిల్లా విడవలూరు, ఇందుకూరుపేట, అల్లూరు వైపు డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్) సెన్సర్లు పెట్టిన చెరువుల ఫైల్ తెరిస్తే, టైము కాలమ్‌లో చాలాసార్లు 1700000000 లాంటి అంకె ఉంటుంది. 1970 జనవరి 1 అర్ధరాత్రి నుంచి గడిచిన సెకన్లు అవి. ఆ అర్ధరాత్రి మనది కాదు, యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం)ది.

ముందు అంకెలు లెక్కపెట్టండి. పది ఉంటే సెకన్లు. పదమూడుంటే మిల్లీసెకన్లు, 1000తో భాగించాకే ముందుకెళ్లాలి. ఎక్సెల్‌లో ఆ సంఖ్యకు 19800 కలిపి, మొత్తాన్ని 86400తో భాగించి, వచ్చినదానికి 25569 కలపండి. 19800 అంటే మన ఐదున్నర గంటల సెకన్లు, 86400 రోజుకుండే సెకన్లు, 25569 అంటే ఎక్సెల్ లెక్కలో 1970 జనవరి 1. సెల్‌ను తేదీ, టైము ఫార్మాట్‌లోకి మారిస్తే పై అంకె 15-11-2023 తెల్లవారుజాము 3:43:20 అవుతుంది. 19800 మరిచిపోతే 14వ తేదీ రాత్రి 10:13:20 అని వస్తుంది.

అసలు నష్టం ఈ తేదీ దగ్గరే. యూటీసీలో తేదీ మారేది మనకు ఉదయం 5:30కి. చెరువులో ఆక్సిజన్ అట్టడుగుకు పడేదీ ఇంచుమించు ఆ వేళకే. రాత్రంతా రొయ్యలు, ప్లాంక్టన్ (నీటిలో తేలే సూక్ష్మజీవులు), అడుగు బురద ఆక్సిజన్ వాడుకుంటూనే ఉంటాయి, ఎండ తగిలితేగానీ ప్లాంక్టన్ మళ్లీ వదలదు. టైము మార్చకుండా రోజువారీ కనిష్ఠం తీస్తే ఒకే తెల్లవారుజాము రెండు తేదీల్లోకి చీలిపోతుంది. దాన్ని చూసి ఏరేటర్ల (నీటిలో గాలి కలిపే యంత్రాల) టైమర్ పెడితే ఆక్సిజన్ అందక రొయ్య పైకి తేలిపోతుంది.

టైము సరిపోయిందో లేదో చెరువే చెబుతుంది. నాలుగైదు రోజుల డీఓ గ్రాఫ్ గీయండి. కనిష్ఠం ఉదయం ఐదు, ఆరు మధ్య ఉంటే సరే. రాత్రి పదకొండున్నర, పన్నెండున్నర మధ్య ఉంటే టైము ఇంకా యూటీసీలోనే ఉంది. పొద్దున పదిన్నర, పదకొండున్నర మధ్య ఉంటే ఐదున్నర గంటలు రెండుసార్లు కలిశాయి, అంటే సెన్సర్ గడియారాన్ని ముందే మన టైముకు పెట్టేశారు. రాత్రంతా ఏరేటర్లు ఆడి గ్రాఫ్‌లో పల్లం తేలకపోతే పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార స్థాయి) చూడండి, అదీ తెల్లవారుజామునే తగ్గుతుంది.

టైము మామూలు తేదీలా ఉండి చివర జెడ్ అక్షరం ఉంటే యూటీసీ. +05:30 ఉంటే మన టైమే, ఏమీ కలపొద్దు.

1970 జనవరి మూడో వారం తేదీలు వస్తే సెకన్లను మిల్లీసెకన్లనుకున్నారు. సెల్ నిండా ##### వస్తే 1000తో భాగించలేదు. 01-01-1970 5:30 కనిపిస్తే సెన్సర్ టైము స్థానంలో సున్నా రాసింది, ఆ వరసలు తీసేయండి.

పదమూడు అంకెలను ఎక్సెల్ కుదించి చూపిస్తుంది. అలాగే సీఎస్‌వీ (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైల్)గా సేవ్ చేస్తే చివరి అంకెలు పోతాయి, తిరిగి రావు. ముందే కాలమ్‌ను దశాంశాలు లేని నంబర్‌గా మార్చుకోండి, డౌన్‌లోడ్ చేసిన ఫైల్‌ను మాత్రం ముట్టుకోకుండా విడిగా ఉంచండి.