కడుపులో గడ్డలు – 6వ పాఠం: బయాప్సీ నార్మల్, మరి గడ్డ సంగతేంటి?

ఈ పాఠంలో హెలికోబాక్టర్ పైలోరీ అనే కడుపు బ్యాక్టీరియా గురించి, దాన్ని స్లైడు మీద చూపే జీమ్సా రంగు గురించి చెప్తానని మాటిచ్చాను. దాన్ని వచ్చేసారికి జరుపుతున్నాను. పోయిన పాఠం చివర ఇచ్చిన కేసుకు మీరు పంపిన జవాబులు చదివాక ముందుకు పోవడానికి నాకు మనసొప్పలేదు.

కేసు మళ్లీ ఒకసారి చూడండి. 62 ఏళ్ల ఆవిడ, దేవరకొండ దగ్గర పల్లె. రెండు నెలలుగా నీరసం, మూడు రోజులు తారులాంటి నల్ల విరేచనాలు, హీమోగ్లోబిన్ 6.2. ఎండోస్కోపీలో కడుపు మధ్యభాగంలో నిమ్మకాయంత ఉబ్బు, దాని నెత్తి మీద చిన్న పుండు, చుట్టూ పొర నున్నగా ఉంది. బయాప్సీకి నాలుగు ముక్కలు తీశారు. స్లైడు మీద వాపును సూచించే లింఫోసైట్లు, ప్లాస్మా కణాలు కాస్త ఎక్కువగా ఉన్నాయి, గ్రంథులు మామూలుగా ఉన్నాయి, క్యాన్సర్ కణాలు లేవు. ముక్కను మైక్రోస్కోపు కింద చదివే పాథాలజిస్టుగా మీరు రిపోర్టులో ఏం రాస్తారని అడిగాను.

ఎక్కువమంది ‘క్రానిక్ గ్యాస్ట్రైటిస్, నెగెటివ్ ఫర్ మాలిగ్నెన్సీ’ (కడుపు పొరకు పాత వాపు, క్యాన్సర్ కనపడలేదు) అని రాసి ఆపేశారు. కొందరు ఎసిడిటీ మందు పాంటాప్రజోల్ మోతాదు కూడా రాశారు. స్లైడు చదవడంలో మీరెవరూ తప్పు చేయలేదు. అక్కడ ఉన్నది గ్యాస్ట్రైటిసే. కానీ నిమ్మకాయంత ఉబ్బు గురించి ఒక్క మాట లేదు. హీమోగ్లోబిన్ ఆరుకు దిగేంత రక్తం పోయిందంటే దానికి కారణం ఆ నాలుగు కణాల వాపు కాదు. సర్జన్ మీ కాగితం చూసి ‘గడ్డ ఏం లేదంట’ అనుకుంటాడు, రోగి కొడుకు ‘అమ్మకు గ్యాసే’ అనుకుంటాడు. ఈ ఒక్క విషయం మీద నాకు ఓపిక తక్కువ, కాబట్టి ఇవాళ దీన్నే పట్టుకుని కూర్చుంటాను.

ఎండోస్కోపీ ఫోర్సెప్స్ కొరికి తెచ్చే ముక్క రెండు, మూడు మిల్లీమీటర్లు. అందులో ఉండేది మ్యూకోసా, అంటే కడుపు లోపలి పైపొర, అదృష్టం బాగుంటే దాని అడుగున సన్నటి కండర పట్టీ. ఆ కింద సబ్‌మ్యూకోసా, దాని కింద కడుపును పిసికే మందపాటి కండరం. ఉబ్బు ఆ కండరంలో పుడితే పైనున్న మ్యూకోసా దాని మీద పరిచిన దుప్పటి మాత్రమే. మన దగ్గర బోరు వేయించిన ఇల్లు ఏదైనా ఉంటే అడగండి. నలభై అడుగుల దగ్గర బిట్టు ఆపేసి ‘ఇక్కడ నీళ్లు లేవు’ అంటే రైతు ఒప్పుకుంటాడా? ‘నలభై అడుగుల దాకా నీళ్లు పడలేదు’ అంటే అది నిజం. ఈ రెండు వాక్యాలకు తేడా ఎంతో, ‘గడ్డ లేదు’కూ ‘ఈ ముక్కలో గడ్డ రాలేదు’కూ అంతే తేడా.

కాబట్టి ఉబ్బు కేసులో స్లైడు చూడగానే అడగాల్సిన ప్రశ్న ‘క్యాన్సర్ ఉందా’ కాదు. ‘ఈ ముక్క ఆ ఉబ్బులోదేనా?’ అని అడగాలి. నేను రాసే వాక్యం ఇది, కావాలంటే మీరూ వాడుకోండి: ‘అందిన ముక్కల్లో మ్యూకోసా మాత్రమే ఉంది. ఎండోస్కోపీలో చూసిన ఉబ్బు ఈ ముక్కల్లోకి రాలేదు. పొర కింద గడ్డ ఉండే అవకాశం ఉంది కనుక ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ గానీ సీటీ గానీ చేయించి, లోతు నుంచి ముక్క పంపగలరు.’ ఇది రాసి ఊరుకోను, ఫోన్ కూడా చేస్తాను. కాగితం ఫైల్లోకి పోతుంది, ఫోన్ అయితే మనిషి చెవిలో పడుతుంది.

ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. నేను ల్యాబ్‌లో చేరిన కొత్తలో, ఫారం మీద ‘స్టమక్ బయాప్సీ’ అని రెండే మాటలతో ఒక సీసా వచ్చింది. ఎండోస్కోపీ రిపోర్టు జత చేయలేదు, నేనూ అడగలేదు. గ్యాస్ట్రైటిస్ అని సంతకం పెట్టాను. ఏడాది దాటాక అదే మనిషి ఆపరేషన్ ముక్క బకెట్‌లో వచ్చింది, పెద్ద బత్తాయి కన్నా పెద్దది. కోస్తే మధ్యలో రక్తం గడ్డకట్టి, మెత్తబడి చితికిపోయి ఉంది. కాలేయంలో అప్పటికే మచ్చలు. కొడుకు ల్యాబ్ కిటికీ దగ్గరికొచ్చి, ‘మేడం, గ్యాసే అన్నరు గద, మల్ల గీ గడ్డ ఎట్లొచ్చింది?’ అని అడిగాడు. పాత స్లైడు తీసి మళ్లీ చూశాను. అందులో నిజంగానే గ్యాస్ట్రైటిస్ తప్ప ఏమీ లేదు. ఆ రోజు నుంచి ఎండోస్కోపీ రిపోర్టు లేకుండా కడుపు ముక్క నేను చూడను.

కాటు మీద కాటులా ఫోర్సెప్స్‌తో ఒకే చోట మళ్లీ మళ్లీ కొరికితే లోతుకు పోవచ్చు. పుండు అడుగు నుంచి తీస్తే కొన్నిసార్లు గడ్డ దొరుకుతుంది కూడా. అయితే ఇలాంటి గడ్డల్లో రక్తనాళాలు ఎక్కువ, కొరికితే రక్తం కారే ప్రమాదం ఉంది. ఆ నిర్ణయం ఎండోస్కోపీ చేసేవారిదే, ఫోన్లో మనం ఒత్తిడి పెట్టకూడదు.

ఇక ఇమేజింగ్. ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్‌లో కడుపు గోడ ఐదు గీతలుగా కనిపిస్తుంది: తెలుపు, నలుపు, తెలుపు, నలుపు, తెలుపు. మూడోది సబ్‌మ్యూకోసా, నాలుగోది అసలు కండరం. నల్లటి గడ్డ నాలుగో గీతలోంచి పుడితే మొదట అనుమానించాల్సింది జిస్ట్, అంటే గ్యాస్ట్రోఇంటెస్టైనల్ స్ట్రోమల్ ట్యూమర్. తెల్లగా మెరిసే గడ్డ మూడో గీతలో ఉంటే కొవ్వు గడ్డ. ఈ పరికరం మన జిల్లాల్లో అన్నిచోట్లా లేదు. సీటీ ఉంది. సీటీకి పంపేటప్పుడు నా సలహా ఒకటే: తెల్లగా కనిపించే కాంట్రాస్ట్ మందు తాగించొద్దు, మామూలు నీళ్లు అర లీటరు నుంచి లీటరు దాకా తాగించి, నరానికి మాత్రం కాంట్రాస్ట్ ఇవ్వమనండి. నీళ్లతో కడుపు విచ్చుకుంటుంది, గోడ మెరుపు స్పష్టంగా కనిపిస్తుంది. తెల్ల మందు తాగిస్తే ఆ మెరుపు అందులో కలిసిపోతుంది. సీటీలో జిస్ట్ అంచులు శుభ్రంగా ఉంటాయి, చాలాసార్లు బయటికి వేలాడుతుంది, పెద్దదైతే మధ్యలో చచ్చిన భాగం నల్లగా కనిపిస్తుంది. లింఫ్ గ్రంథులు ఉబ్బడం అరుదు. పాకితే కాలేయానికి, పొట్ట లోపలి పొరకు పాకుతుంది. కడుపు క్యాన్సర్ నేర్చుకున్న కళ్లు లింఫ్ గ్రంథుల కోసం వెతికి, అవి లేవు కాబట్టి ‘మంచి గడ్డ’ అనేస్తాయి. అలా అనకండి.

కొందరు సీటీ ఫిల్ము చూడకముందే స్లైడు చూడాలంటారు, మనసు ముందే ఒక పక్కకు వాలుతుందని. నేను ఫిల్మే ముందు చూస్తాను. నాకు గడ్డ ఎక్కడుందో తెలియకుండా ముక్క సరిపోయిందో లేదో తేల్చడం సాధ్యం కాదు.

లోతు నుంచి ముక్క వచ్చిందనుకుందాం. కదురులాంటి సన్నటి పొడుగాటి కణాలు కట్టలుకట్టలుగా ఉంటే మూడు పేర్లు గుర్తుకు రావాలి: జిస్ట్, లియోమయోమా (కండరపు గడ్డ), ష్వానోమా (నరాల తొడుగు గడ్డ). రంగు వేయకుండా వీటిని కళ్లతో తేల్చేస్తామని పంతం పట్టొద్దు. జిస్టుకు సీడీ117, డాగ్1 అనే ప్రత్యేక రంగులు రెండూ అడగండి. ఒక్కదానితో సరిపెట్టొద్దు, సీడీ117 రంగు పట్టని జిస్టులు కొద్ది శాతం ఉన్నాయి. లియోమయోమాకు డెస్మిన్, ష్వానోమాకు ఎస్100. ష్వానోమా చుట్టూ లింఫోసైట్లు గట్టులా కట్టుకుని ఉంటాయి, చిన్న పవర్‌లోనే కనిపిస్తుంది. సీడీ117 స్లైడు చేతికి రాగానే గడ్డ వైపు చూడకండి. ముందు మాస్ట్ కణాలను, అంటే ఈ రంగు ఎప్పుడూ పట్టే మామూలు కణాలను, వెతకండి. అవి గోధుమ రంగులో మెరవాలి. అవే మెరవకపోతే రంగు పట్టలేదని అర్థం, గడ్డ నెగెటివ్ అని కాదు.

ఈ పేర్లకు ఇంత పట్టింపు ఎందుకంటే మందు మారిపోతుంది. 1998లో జపాన్‌లో హిరోటా బృందం జిస్ట్ కణాల్లో, సీడీ117ను తయారుచేసే కిట్ జన్యువు చెడిపోయిందని చూపించింది. 2002లో ఇమాటినిబ్ అనే మాత్రకు అమెరికాలో ఈ జబ్బుకు అనుమతి వచ్చింది. హైదరాబాద్ కంపెనీ నాట్కో 2003లోనే దాని జెనెరిక్ తెచ్చింది. 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, ఆ మందును మొదట తెచ్చిన నోవార్టిస్ కంపెనీ పేటెంట్ అర్జీని కొట్టేసింది. అంటే రోజుకో మాత్ర మింగితే చాలామందిలో అదుపులో ఉండే జబ్బు ఇది, ఆ మాత్ర మన రాష్ట్రంలోనే తయారవుతుంది. రిపోర్టులో ‘గ్యాస్ట్రైటిస్’ అని ఉంటే ఆ మాత్ర రోగి దాకా రాదు.

ఉబ్బు లేకుండా కూడా ఇదే ఉచ్చు ఉంటుంది. కొల్లాపూర్ వైపు నుంచి 48 ఏళ్ల మనిషి వచ్చాడనుకోండి. ‘రెండు ముద్దలు తింటె చాలు మేడం, కడుపు నిండినట్టయితది’ అంటాడు. బరువు పది కిలోలు తగ్గింది. ఎండోస్కోపీలో గాలి ఊదినా కడుపు విచ్చుకోదు, మడతలు లావుగా, బిరుసుగా ఉన్నాయి. బయాప్సీ నార్మల్. ఇది లినైటిస్ ప్లాస్టికా, అంటే గోడంతా పాకి కడుపును బిరుసు చేసే క్యాన్సర్ కావచ్చు. ఉంగరంలా కనిపించే సిగ్నెట్ రింగ్ క్యాన్సర్ కణాలు ఒక్కొక్కటిగా పొర కిందికి దూరి పాకుతాయి, పైపొర చెక్కు చెదరదు. ఇక్కడ నేను ముక్కను పెట్టిన మైనపు బ్లాకును మరింత లోపలికి కోయిస్తాను, ఆ కణాలను పట్టిచూపే సైటోకెరాటిన్ రంగు వేయిస్తాను, అప్పటికీ దొరకకపోతే మళ్లీ లోతైన ముక్కలు అడుగుతాను. కొవ్వు గడ్డ అయితే ఇంత శ్రమ అక్కర్లేదు, సీటీలో కొవ్వు సాంద్రత కొలత సున్నా కన్నా బాగా కిందికి వస్తుంది, అక్కడితో అయిపోయింది. కడుపు చివరి ద్వారమైన పైలోరస్ దగ్గర నడిమధ్య బొడ్డులా చిన్న గుంట ఉన్న ఉబ్బు చూస్తే దారి తప్పిన పాంక్రియాస్ గుర్తుంచుకోండి.

ఇప్పుడు లెక్క. జిస్ట్ అని తేలాక అది ఎంత చెడ్డదో చెప్పడానికి మూడు కావాలి: ఎక్కడుంది, ఎంత పెద్దది, 5 చదరపు మిల్లీమీటర్లలో ఎన్ని కణాలు విభజన చెందుతున్నాయి. పాథాలజిస్టులు మియెటినెన్, లసోటా వేసిన లెక్కలో 5 నుంచి 10 సెంటీమీటర్ల గడ్డ, విభజనలు 5 దాటకపోతే, కడుపులో అయితే 3.6 శాతం మందిలో ముదిరింది. అదే సైజు, అవే విభజనలు, చిన్నపేగులో అయితే 24 శాతం. చోటు రాయని రిపోర్టుతో ఈ లెక్క వేయలేరు.

పాత పుస్తకాల్లో ‘50 హై పవర్ ఫీల్డులు’ అని ఉంటుంది, ఫీల్డు అంటే పెద్ద లెన్సులో ఒకసారికి కనిపించే గుండ్రటి మేర. అది పాత మైక్రోస్కోపుల కొలత. ఇప్పటి వెడల్పు ఐపీస్‌తో (కంటి దగ్గరి లెన్సు) 50 ఫీల్డులు లెక్కపెడితే 5 కాదు, దాదాపు 12 చదరపు మిల్లీమీటర్లు చూసినట్టు. మూడు రావాల్సిన చోట ఏడు వస్తాయి, రోగి అనవసరంగా ఇంకో గదిలో పడతాడు.

అభ్యాసం. ఈసారి కష్టంగానే ఉంటుంది, తప్పించుకోకండి. మీ ఐపీస్ అంచు మీద ఫీల్డ్ నంబరు చెక్కి ఉంటుంది: 18, 20, 22 ఇలా. 40ఎక్స్ లెన్సుకు దాన్ని 40తో భాగిస్తే ఫీల్డు వ్యాసం మిల్లీమీటర్లలో వస్తుంది. దాని నుంచి వైశాల్యం కట్టి, 5 చదరపు మిల్లీమీటర్లకు ఎన్ని ఫీల్డులో తేల్చండి. 22 ఉంటే 21, 18 ఉంటే సుమారు 31 రావాలి. ఆ అంకె కాగితం మీద రాసి మైక్రోస్కోపుకు అతికించండి.

రెండోది. మీ ల్యాబ్ రిజిస్టర్‌లో గత రెండేళ్ల కడుపు బయాప్సీలు తీయండి. ‘గ్యాస్ట్రైటిస్’ అని బయటికి వెళ్లినవాటికి ఎండోస్కోపీ రిపోర్టులు సంపాదించి పక్కన పెట్టండి. ఉబ్బు, గడ్డ, విచ్చుకోని కడుపు అని ఉన్న ప్రతి కేసుకు స్లైడు మళ్లీ చూసి, ముక్క ఎంత లోతు దాకా వచ్చిందో రాయండి. లోతు చాలనివి దొరికితే పంపిన డాక్టరుకు ఆ రోజే ఫోన్ చేయండి. నాకు ఫోటోలు పంపేటప్పుడు 4ఎక్స్, 40ఎక్స్ రెండూ పంపండి, లేబుల్ మీద రోగి పేరు కనపడకుండా మూసేయండి.