నోటీసుకు తట్టుకునేలా రివ్యూ రాయడం

అడ్వాన్సు తిరిగివ్వని బిల్డర్‌ను ఫేస్‌బుక్‌లో ‘దొంగ’ అని రాశాను. వారంలో లాయర్ నోటీసు వచ్చింది. ఆ టెన్షన్‌లో పోస్టంతా తీసేశాను. దాంతో నిజాలూ పోయాయి, ఆ బాధ ఇప్పటికీ ఉంది.

ముందు రసీదులు, వాట్సాప్ మెసేజ్‌లు తేదీలతో దాచండి. ‘మోసగాడు’ అనే బదులు ‘మార్చి 3న రెండు లక్షలు కట్టాను, ఇంకా తిరిగి రాలేదు’ అని రాయండి. ఐపీసీ స్థానంలో వచ్చిన నేర చట్టం భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద పరువు నష్టం నేరం, రెండేళ్ల దాకా జైలు పడొచ్చు. అక్కడ రాసింది నిజమైతే చాలదు, చెప్పడం ప్రజలకు మేలని కూడా చూపాలి. కాబట్టి కొత్తగా కొనేవాళ్లకు ఇది ఎందుకు తెలియాలో ఒక వాక్యం చేర్చండి. పరువు నష్టాన్ని నేరంగా ఉంచడం రాజ్యాంగానికి విరుద్ధం కాదని 2016లో, ఐపీసీ ఉన్నప్పుడే, సుప్రీంకోర్టు చెప్పింది. నా మట్టుకు పరువు నష్టానికి జైలు అక్కర్లేదు, పరిహారం అడిగే సివిల్ దావా సరిపోతుంది. నోటీసు వస్తే కంగారుగా చెరిపేయకండి, ముందు లాయర్‌కు చూపించండి.