అమెరికాలో కారు నడపడం – మూడో పాఠం: పసుపు గీత ఎటు ఉంది?

మొదటి పాఠంలో అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ గురించీ, రెండో పాఠంలో అద్దె కారు ఒప్పందం, బీమా గురించీ చూశాం. ఫారం 4ఏ నింపి బెంగళూరు కె.ఆర్.పురంలోనో ఇందిరానగర్‌లోనో తమ ఆర్టీవోకు ఇచ్చి పర్మిట్ తెచ్చుకున్నవారు ఒక విషయం మరవకూడదు. దాని గడువు ఏడాదికి మించదు. దానితోపాటు అసలు లైసెన్సు కార్డు కూడా దగ్గర ఉండి తీరాలి. కాగితాల పని అంతటితో అయిపోయింది కాబట్టి ఈ పాఠంలో స్టీరింగ్ ముందు కూర్చుందాం.

ఆఫీసు పని మీద కొన్ని వారాలు కాలిఫోర్నియాలోని శాన్ హోసే పరిసరాలకు వెళ్ళే బెంగళూరు తెలుగువారినీ, పిల్లల దగ్గరికి వెళ్ళే తల్లిదండ్రులనూ దృష్టిలో పెట్టుకొని రాస్తున్న పాఠాలివి. అక్కడ రోడ్డు నియమాలు రాష్ట్రానికి ఒక తీరుగా ఉంటాయి గనుక కాలిఫోర్నియా నియమాలనే ఆధారంగా తీసుకుంటున్నాను. అసలు కారు అవసరమా అన్న ప్రశ్నకు నా సమాధానం చిన్నదే. శాన్ ఫ్రాన్సిస్కో నగరం చూడడానికైతే కారు ఇంటి దగ్గర వదిలి కాల్‌ట్రెయిన్‌లోనో బార్ట్ రైల్లోనో వెళ్ళండి. రెంటికీ టికెట్ బదులు వాడే క్లిప్పర్ కార్డు పనికొస్తుంది, పార్కింగ్ వెతుకులాట తప్పుతుంది. కానీ సన్నీవేల్, ఫ్రీమాంట్ వంటి ఊళ్ళలో ఇంటి నుంచి కూరగాయల దుకాణానికీ గుడికీ వెళ్ళిరావాలంటే కారు లేకుండా రోజు గడవడం కష్టం.

మనకు ఎడమవైపు నడపడం అలవాటు, అక్కడ కుడివైపు నడపాలి. ఇది అందరికీ తెలిసిందే. తెలిసినంత మాత్రాన చేతులు మాట వినవు కాబట్టి, నడిపేటప్పుడు కంటికి ఆనే గుర్తు ఒకటి కావాలి. అమెరికా రోడ్ల మీద ఎదురెదురుగా వచ్చే వాహనాలను వేరుచేసే గీత పసుపు రంగులో ఉంటుంది. ఒకే దిక్కుగా వెళ్ళే లేన్ల మధ్య గీతలు తెల్లగా ఉంటాయి. మధ్యలో డివైడర్ ఉన్న పెద్ద రోడ్ల మీద కూడా ఎడమ అంచు గీత పసుపు, కుడి అంచు గీత తెలుపు. అందువల్ల పసుపు గీత ఎప్పుడూ మీ ఎడమ భుజం పక్కనే ఉండాలి. అది కుడివైపు కనిపించిందంటే మీరు ఎదురు దారిలో ఉన్నట్టే. హైవే నుంచి దిగే దారిలోకి పొరపాటున ఎదురెక్కితే ‘రాంగ్ వే’ అన్న ఎర్ర బోర్డులు కనబడతాయి, రోడ్డు మీద పొదిగిన రిఫ్లెక్టర్లు కూడా హెడ్‌లైట్ల వెలుగులో ఎర్రగా మెరుస్తాయి.

కారులో మనం కూర్చునే చోటు కూడా ఇదే మాట చెబుతుంది. ఇక్కడ కుడి సీటులో కూర్చుని ఎడమవైపు నడుపుతాం, అక్కడ ఎడమ సీటులో కూర్చుని కుడివైపు నడుపుతాం. ఎక్కడైనా డ్రైవరు రోడ్డు మధ్య గీతకు దగ్గరగానే ఉంటాడు. ఈ లెక్క మనసుకు పట్టేదాకా కొత్తవారు తమ శరీరాన్ని పాత అలవాటు చొప్పున లేన్‌లో కుడివైపుకు జరుపుకుంటారు, దాంతో కారు కుడి చక్రాలు ఫుట్‌పాత్ అంచును రాసుకుంటూ పోతాయి. పక్క సీటులో ఉన్నవారు ఉలిక్కిపడి ‘ఎడమకు, ఎడమకు’ అంటే విసుక్కోకండి, వారు చెప్పేది నిజమే అయివుంటుంది.

ప్రమాదం ఎక్కడ పొంచి ఉంటుందన్న విషయంలో మనవాళ్ళ భయం దారి తప్పుతుందని నా అభిప్రాయం. అందరూ హైవేను చూసి జంకుతారు. హైవే మీద ముందు కారు, పక్క కారు, డివైడర్ అన్నీ కలిసి మిమ్మల్ని సరైన దిక్కునే నడిపిస్తాయి. తెల్లవారుజామున ఖాళీగా ఉన్న పార్కింగ్ స్థలం నుంచి బయటికి వచ్చి, ఒక్క వాహనం కూడా లేని వీధిలోకి తిరిగే ఆ క్షణంలోనే పాత అలవాటు చేయి పట్టి లాగుతుంది. అందుకే ప్రతి గేటు దగ్గర, ప్రతి పెట్రోలు బంకు నుంచి బయటికి వచ్చేటప్పుడు, ఒక్కసారి ఆగి ‘పసుపు ఎడమకు’ అని పైకి అనుకొని కదలండి. పైకి అనడం నామోషీ అనిపించినా మొదటి వారమంతా మానకండి.

ఇండికేటర్ సంగతి చిన్నదే గానీ చికాకు పెడుతుంది. మారుతి, హ్యుందాయ్ కార్లలో ఇండికేటర్ కాడ స్టీరింగ్‌కు కుడిపక్క ఉంటుంది. అక్కడి కార్లలో ఎడమపక్క ఉంటుంది. మలుపు దగ్గర మీరు కుడిచేతి కాడ కదిపితే ఎండపొద్దున పొడి అద్దం మీద వైపర్లు కీచుమంటూ ఆడతాయి, వెనుక వచ్చేవారికి మీరు ఎటు తిరుగుతున్నారో తెలియదు. పెడళ్ళ వరుస మాత్రం మారదు. అద్దె కార్లు దాదాపు అన్నీ ఆటోమేటిక్ కాబట్టి, క్లచ్ కోసం వెతికే ఎడమ కాలిని పక్కకు పెట్టి కూర్చోవాలి. లేకపోతే అది బ్రేకు మీద పడి కారు ఒక్కసారిగా నిలిచిపోతుంది.

ఇక మలుపులు. బెంగళూరులో ఎడమ మలుపు చిన్నది, కుడి మలుపు పెద్దది. అక్కడ కుడి మలుపు చిన్నది, ఎడమ మలుపు పెద్దది. ఎడమకు తిరిగేటప్పుడు ఎదురు లేన్లన్నిటినీ దాటి, అవతలి రోడ్డులో పసుపు గీతకు కుడిపక్కన ఉన్న మొదటి లేన్‌లోకి చేరాలి. సిగ్నల్‌లో పచ్చ బాణం పడితే ఎదురు కార్లకు ఎర్ర దీపం ఉంటుంది, మీకు దారి ఉన్నట్టే. బాణం లేకుండా గుండ్రటి పచ్చ దీపం మాత్రమే ఉంటే ఎదురుగా నేరుగా వచ్చేవారిదే ముందు హక్కు. వారంతా పోయేవరకు, జీబ్రా గీతల మీద నడిచేవారు దాటేవరకు మీరు ఆగాలి. అలా ఆగినప్పుడు చక్రాలను ముందుగానే ఎడమకు తిప్పి ఉంచకండి. వెనుక నుంచి ఎవరైనా గుద్దితే తిరిగి ఉన్న చక్రాలు మిమ్మల్ని ఎదురు వాహనాల మీదికి తోసేస్తాయి. చక్రాలు నేరుగా ఉంటే కారు ముందుకే పోతుంది.

మన ఫ్రీ లెఫ్ట్‌కు దగ్గరగా అక్కడ ఒక వెసులుబాటు ఉంది. ఎర్ర దీపం ఉన్నా కుడికి తిరగవచ్చు, కానీ ముందు గీత దగ్గర పూర్తిగా ఆగాలి, నడిచేవారికీ అడ్డంగా వచ్చే వాహనాలకూ దారి ఇవ్వాలి. ‘నో టర్న్ ఆన్ రెడ్’ అని బోర్డు ఉన్నా, ఎర్ర బాణం ఉన్నా ఆ వెసులుబాటు లేదు. న్యూయార్క్ నగరంలో దీనికి తిరకాసు ఉంది: అనుమతి బోర్డు ఉంటే తప్ప ఎర్ర దీపం దగ్గర తిరగకూడదు.

ఎనిమిది మూలల ఎర్ర స్టాప్ బోర్డు దగ్గర మనవారు తడబడేది ఎక్కువ, ఎందుకంటే మన దగ్గర ఇలాంటి క్రమం అలవాటు లేదు. బోర్డు కింద ‘ఆల్ వే’ అని చిన్న పలక ఉంటే నాలుగు దిక్కుల వారూ ఆగాలి. చక్రాలు పూర్తిగా నిలవాలి, నెమ్మదించడం చాలదు. ముందు వచ్చి ఆగినవారు ముందు కదులుతారు. ఇద్దరు ఒకేసారి వస్తే తన కుడిపక్కన ఉన్నవారికి దారి ఇవ్వాలి. ఎదురెదురుగా ఒకేసారి ఆగిన ఇద్దరిలో ఎడమకు తిరిగేవారు నేరుగా వెళ్ళేవారి కోసం ఆగాలి. బెంగళూరు మారతహళ్ళి సందుల్లో ముందు ముక్కు దూర్చినవారికే దారి. అమెరికాలో వంతు వచ్చిన డ్రైవరు కదలకపోయినా మిగతా ముగ్గురూ ఓపికగా అతని వైపే చూస్తూ ఉంటారు. కాబట్టి మీ వంతు రాకముందు దూరడం ఎంత తప్పో, వచ్చాక మర్యాదకు పోయి మిగిలినవారికి చేయి ఊపుతూ కూర్చోవడం కూడా అంతే గందరగోళం తెస్తుంది.

హెడ్‌లైట్ల భాషలోనూ చిక్కు ఉంది. బెంగళూరులో ఎదుటివాడు లైట్లు కొట్టాడంటే ‘నేను ఆగను, నువ్వు ఆగు’ అని అర్థం. అక్కడ కూడళ్ళలో చాలాసార్లు అది ‘మీరు వెళ్ళండి’ అని చెప్పడమే. అయినా సైగను మాత్రమే నమ్మి కదలకండి. ఎదుటి కారు నిజంగా నిలిచిందో లేదో చూసుకోండి. హారన్ ప్రమాదం తప్పించడానికి తప్ప వాడరు.

పసుపు రంగు స్కూల్ బస్సు ఎర్ర దీపాలు మిణుకుతూ ఆగితే వెనుకవారే కాదు, ఎదురు వచ్చేవారు కూడా ఆగాలి. రోడ్డు మధ్య డివైడర్ ఉన్నా, ఒక్కో దిక్కుకు రెండు లేన్లు అంతకుమించి ఉన్నా ఎదురువారికి ఆ నియమం వర్తించదు. వేగం బోర్డులు మైళ్ళలో ఉంటాయి: ఇళ్ళ వీధుల్లో మామూలుగా ఉండే 25 అంటే మన 40 కిలోమీటర్లు, హైవేల మీది 65 అంటే సుమారు 105.

ఈ వారం అభ్యాసానికి రెండు పనులు. మొదటిది, మారతహళ్ళి నుంచి హెబ్బాళ దాకా ఔటర్ రింగ్ రోడ్డు మీద ఇంట్లోవారు ఎవరైనా నడుపుతుంటే మీరు ముందు ఎడమ సీటులో కూర్చోండి. అక్కడ డ్రైవరు కూర్చునేది ఆ సీటులోనే గనుక, కారు వెడల్పు మీ కుడిపక్కన ఎంత దూరం సాగుతుందో, కుడి అద్దంలో ఏం కనిపిస్తుందో, ఏం కనిపించదో గమనించండి. రెండోది, కాగితం మీద నాలుగు దారుల కూడలి గీసి, పసుపు, తెలుపు గీతలు వాటి చోట్ల పెట్టి, దక్షిణం నుంచి వచ్చే మీ కారును పడమటికి తిప్పండి. తిప్పాక పసుపు గీత మీ ఎడమ పక్కన లేకపోతే మలుపుల భాగం మళ్ళీ చదివి, ఇంకో కాగితం తీసుకోండి.

నాలుగో పాఠంలో హైవే ఎక్కడం, దిగడం, ఇంటర్‌స్టేట్ నంబర్ల లెక్క, టోల్ చెల్లింపు.