పాత ఐఎస్ఏ సౌండ్ కార్డుల కంట్రోలర్ చిప్‌లను పోల్చి చూసే పద్ధతి

1990ల నాటి పీసీని మళ్ళీ నడిపించి డాస్ (విండోస్‌కు ముందటి ఆపరేటింగ్ సిస్టమ్) గేములు ఆడాలనుకునేవారికి సౌండ్ కార్డు ఎంపిక పెద్ద చిక్కుగా కనిపిస్తుంది. కార్డు పేరును చూసి ఎంచుకోవడమే ఈ చిక్కుకు మూలం. సౌండ్ బ్లాస్టర్ 16 అనే ఒక్క పేరు కింద 1992 నుంచి ఎన్నో రకాల బోర్డులు అమ్ముడయ్యాయి. వాటిలో ఒకదానిపై యమహా ఎఫ్ఎం చిప్ (తరంగాలను కలిపి సంగీతాన్ని పుట్టించేది, రేడియో కాదు) ఉంటే, మరొకదానిపై దానిని అనుకరించే వేరే వ్యవస్థ ఉంటుంది. మరోవైపు, తయారీదారు పేరైనా లేని చవక కార్డు మీద మేలైన యమహా చిప్ దొరకవచ్చు. అందుచేత పోలిక చిప్ నంబరుతో మొదలై, ఆ చిప్ చేయవలసిన పనులను ఒక్కొక్కటిగా పరీక్షించడంతో సాగాలి. ఈ వ్యాసం ఐఎస్ఏ అనే పాత తరహా స్లాటులో పెట్టే కార్డులకే పరిమితం. దాని తరువాత వచ్చిన పీసీఐ స్లాటు కార్డులు డాస్‌లో పనిచేసే తీరు వేరు కాబట్టి వాటిని ఇందులో కలపలేదు.

ముందుగా బోర్డు మీది పెద్ద చిప్ పైని రాతను పక్కవెలుతురులో చదివి రాసుకోవాలి. ఈఎస్ 688, ఈఎస్ 1688, ఈఎస్ 1868, ఈఎస్ 1869 అని ఉంటే అవి ఈఎస్ఎస్ సంస్థ ఆడియోడ్రైవ్ చిప్‌లు. వైఎంఎఫ్ 701, 711, 715, 718, 719 అనేవి యమహా ఓపీఎల్3-ఎస్ఏ కుటుంబానికి చెందినవి. సీఎస్ 4232, 4236, 4237 అనేవి క్రిస్టల్ సంస్థవి. సౌండ్ బ్లాస్టర్ తయారీదారు క్రియేటివ్ సంస్థ చిప్‌ల నంబర్లు సీటీ అనే అక్షరాలతో మొదలవుతాయి. పక్కనే వైఎంఎఫ్ 262 అని రాసిన విడి చిప్ ఉన్నదేమో కూడా తప్పక చూడాలి, ఎందుకంటే అదే యమహా అసలైన ఎఫ్ఎం చిప్, ఓపీఎల్3.

తరువాత కార్డును స్లాటులో పెట్టి, డిజిటల్ ధ్వనిని నడిపే భాగమైన డీఎస్పీ తనను తాను ఏ వెర్షనుగా చెప్పుకుంటుందో అడగాలి. జంపర్లు (అమరికను చేత్తో మార్చే చిన్న పిన్ తొడుగులు) ఉన్న పాత కార్డు వెంటనే స్పందిస్తుంది. అమరికలను సాఫ్ట్‌వేరుతో తీసుకునే ప్లగ్ అండ్ ప్లే కార్డును మాత్రం తయారీదారు ఇచ్చిన ప్రోగ్రాముతో గానీ, అనేక చిప్‌లను గుర్తించే యూనిసౌండ్ వంటి సాధనంతో గానీ ముందు మేల్కొలపాలి. కార్డు చిరునామా (కంప్యూటరు దానితో మాట్లాడే పోర్టు సంఖ్య) 220 అయినప్పుడు, డాస్‌లోని డీబగ్ ప్రోగ్రామును తెరిచి "ఓ 226 1", "ఓ 226 0" అని వరుసగా ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసి, "ఐ 22ఎ" అని అడిగితే "ఎఎ" అనే జవాబు రావాలి. అది రాకపోతే కార్డు ఇంకా మేల్కోలేదనో, చిరునామా వేరనో అర్థం. వచ్చాక "ఓ 22సి ఇ1" అని పంపి, "ఐ 22ఎ" అని రెండుసార్లు అడగాలి. మొదటి అంకె 3 అయితే సౌండ్ బ్లాస్టర్ ప్రో తరగతి, 4 అయితే సౌండ్ బ్లాస్టర్ 16 తరగతి. రెండవ అంకె హెక్సాడెసిమల్‌లో, అంటే పదహారు ఆధారిత సంఖ్యల్లో, వస్తుంది కనుక 0బి అంటే 11, 0డి అంటే 13.

ఈ రెండు తరగతుల భేదాన్ని చాలామంది తక్కువగా అంచనా వేస్తారు. సౌండ్ బ్లాస్టర్ ప్రో 8 బిట్ల ధ్వనిని 22,050 హెర్ట్జ్ వరకు స్టీరియోలో వినిపిస్తుంది. సౌండ్ బ్లాస్టర్ 16 దానికంటే ఉన్నతమైన 16 బిట్ల, 44,100 హెర్ట్జ్ స్టీరియోను అందిస్తుంది గానీ, ప్రో వాడిన స్టీరియో పద్ధతిని మాత్రం పాటించదు. అందువల్ల ప్రో కోసం రాసిన గేము సౌండ్ బ్లాస్టర్ 16 మీద మోనోగానే వినిపిస్తుంది. ఈఎస్ఎస్, యమహా చిప్‌లు ప్రో పద్ధతిని పాటిస్తాయి కనుక 1991 నుంచి రెండు మూడేళ్ళ మధ్య వచ్చిన గేములకు అవే మేలని నా అభిప్రాయం. వాటికి సౌండ్ బ్లాస్టర్ 16 పద్ధతి తెలియకపోవడం నిజంగా లోటే, కానీ ఆ కాలపు గేముల్లో అది అడ్డు రాదు. యమహా, క్రిస్టల్ చిప్‌లకు విండోస్ సౌండ్ సిస్టమ్ అనే మరో ధ్వని పద్ధతి కూడా తెలుసు కాబట్టి, గేము సెటప్‌లో ఆ ఎంపిక ఉన్నచోట వాటి నుంచి కూడా 16 బిట్ల ధ్వని పొందవచ్చు. పరీక్షించేటప్పుడు బ్లాస్టర్ వేరియబుల్ (కార్డు అమరికలను గేములకు చెప్పే డాస్ సెట్టింగు) లోని టి విలువను సరిచూసుకోవాలి: ప్రో తరగతికి టి4, సౌండ్ బ్లాస్టర్ 16కు టి6. క్రియేటివ్ వైబ్రా 16ఎక్స్ చిప్ ఉన్న కార్డు 16 బిట్ల ధ్వనికి కూడా 8 బిట్ల డీఎంఏ చానెలునే (ప్రాసెసరు ప్రమేయం లేకుండా మెమరీ నుంచి ధ్వని డేటాను తెచ్చే దారి) వాడుతుంది. డీఎంఏ 5 తప్పనిసరి అనుకునే గేము దానిపై మూగబోతే కార్డు చెడిపోయిందని అనుకోనక్కరలేదు.

ఎఫ్ఎం సంగీతం విషయంలో పోలిక మరింత ఆసక్తికరంగా ఉంటుంది, చెవికి అసలు పని పడేది ఇక్కడే. 1987లో వచ్చిన యాడ్‌లిబ్ కార్డులోని వైఎం 3812, అంటే ఓపీఎల్2, తొమ్మిది చానెళ్ళను పలికించేది. ఓపీఎల్3 వాటిని పద్దెనిమిదికి పెంచి స్టీరియోను జోడించింది. అప్పటి స్వరకర్తలు యమహా చిప్‌ను వింటూ తమ వాద్యాలను తీర్చిదిద్దుకున్నారు కాబట్టి, ఆ చిప్ నుంచి తప్పుకున్న ప్రతి అనుకరణా వారి సంగీతాన్ని కొంత మారుస్తుంది. యమహా 71ఎక్స్ చిప్‌ల లోపల యమహా సొంత ఓపీఎల్3 ఉంటుంది. ఈఎస్ 1688 నుంచి ఈఎస్ఎస్ తన సొంత ఈఎస్ఎఫ్ఎంను చిప్‌లోనే అమర్చింది. అది ఓపీఎల్3కి చాలా దగ్గరగా పలుకుతుంది, కొన్ని వాద్యాల్లో మాత్రం తేడా తెలుస్తుంది. క్రియేటివ్ తరువాతి కార్డుల్లో, సీటీ 2505 వైబ్రాలోనూ ఏడబ్ల్యూఈ 64 కార్డుల్లోనూ, సీక్యూఎం అనే అనుకరణ వచ్చింది. తాళవాద్యాలు మోగినప్పుడు దానిలో లోహపు గణగణ స్పష్టంగా వినిపిస్తుంది. ఏడబ్ల్యూఈ 32లో తొలి బోర్డులకు యమహా చిప్, తరువాతి వాటికి సీక్యూఎం ఉన్నాయి కనుక ఆ పేరు మీద కార్డు కొనేముందు బోర్డు ఫొటో అడగడం అవసరం.

ఈ తేడాలను జ్ఞాపకంతో పోల్చకూడదు. ఒకే గేములోని ఒకే సంగీత భాగాన్ని ప్రతి కార్డు మీద వినిపించి, వేరే కంప్యూటరులో రికార్డు చేసి, అన్ని రికార్డింగులనూ ఒకే శబ్దస్థాయికి తెచ్చాకే వినాలి. బిగ్గరగా మోగినది మెరుగ్గా ఉన్నట్టు చెవికి తోస్తుంది. వైఎంఎఫ్ 262 ఉన్న కార్డు రికార్డింగును ప్రమాణంగా పెట్టుకోవాలి.

మిడి పోర్టుకు (స్వరాలను ఆదేశాల రూపంలో వాద్య పరికరానికి పంపే దారి) వచ్చేసరికి సౌండ్ బ్లాస్టర్ 16 పేరు దెబ్బతింటుంది. డీఎస్పీ 4.11 నుంచి 4.13 వరకు ఉన్న కార్డుల్లో, డాటర్‌బోర్డు (కార్డు మీద అమర్చే చిన్న సంగీత బోర్డు) ద్వారా గానీ బయటి మిడి పరికరం ద్వారా గానీ సంగీతం వస్తూ, అదే సమయంలో డిజిటల్ శబ్దాలు కూడా మోగుతుంటే, స్వరాలు ఆగకుండా అలాగే నిలిచిపోయే లోపం ఉంది. కాల్పులుండే గేములో తుపాకీ మోతల మధ్య జనరల్ మిడి (వాద్యాల ప్రామాణిక జాబితాను వాడే మిడి) సంగీతాన్ని కొంతసేపు నడిపితే అది బయటపడుతుంది. ఈఎస్ 1868, యమహా 718, 719 చిప్‌లకు ఆ బాధ లేదు. అయితే ఈ చిప్‌లన్నీ రోలాండ్ మిడి ప్రమాణమైన ఎంపీయూ-401లోని యూఏఆర్టీ పద్ధతినే, అంటే ఆదేశాలను ఉన్నవి ఉన్నట్టు పంపే సాదా పద్ధతినే, ఇస్తాయి. బయటి సంగీత పరికరమైన రోలాండ్ ఎంటీ-32 కోసం ఇంటెలిజెంట్ పద్ధతిని కోరే పాత గేములకు సాఫ్ట్ఎంపీయూ అనే ప్రోగ్రాము అండగా నిలుస్తుంది.

ఇక మిగిలింది రొద. ఇందులో చిప్ కంటే బోర్డు పాత్రే ఎక్కువ. చాలా కార్డులపై స్పీకర్లను నేరుగా నడిపేందుకు టీఈఏ 2025 వంటి యాంప్లిఫయర్ చిప్ ఉంటుంది, వినిపించే బుసలో చాలా భాగం దానిదే. జంపర్లుంటే యాంప్లిఫయర్‌ను తప్పించి లైన్ అవుట్‌గా మార్చుకోవాలి. మిక్సరులో మైకు, సీడీ, లైన్ ఇన్‌లను పూర్తిగా తగ్గించి, కార్డులన్నింటినీ డిస్‌ప్లే కార్డుకు దూరంగా ఉన్న ఒకే స్లాటులో ఉంచి, నిశ్శబ్దాన్ని రికార్డు చేసి పోల్చాలి. ఎండిపోయిన కెపాసిటర్ల వల్ల మంచి చిప్‌కు చెడ్డపేరు రావచ్చు కనుక ఒకే చిప్ ఉన్న రెండు బోర్డులను పరీక్షించే వీలుంటే వదులుకోకూడదు.

ఒకే కార్డు పెట్టే చోటుంటే నేను యమహా 718 లేదా 719నే ఎంచుకుంటాను, అది దొరకకపోతే ఈఎస్ 1868. 16 బిట్ల శబ్దం కోసం సౌండ్ బ్లాస్టర్ 16 కూడా కావాలనుకునేవారు రెండింటినీ ఒకే యంత్రంలో ఉంచవచ్చు. క్రియేటివ్ కార్డుకు 220, యమహాకు 240 ఇచ్చి, ఐఆర్‌క్యూ (కార్డు ప్రాసెసరును పిలిచే సంకేతం సంఖ్య), డీఎంఏ విలువలు కలవకుండా చూడాలి. ఎఫ్ఎం చిరునామా 388 దగ్గర రెండూ స్పందిస్తే గేము తికమకపడుతుంది కాబట్టి, ఏ కార్డు సంగీతం కావాలో ముందే నిర్ణయించుకుని, రెండవ కార్డు ఎఫ్ఎం చిరునామాను సెటప్ ప్రోగ్రాములో గానీ జంపరుతో గానీ మార్చడమో ఆపివేయడమో చేయాలి.