బేదులైన బిడ్డకు తాగడం ఆపకండి: ఓఆర్ఎస్ కలిపే తీరు, పెట్టాల్సిన తిండి, వదిలేయాల్సిన నమ్మకాలు

మృగశిర కార్తె జొచ్చి నాలుగు వానలు పడితే చాలు, మిర్యాలగూడ మొదలు నారాయణపేట దాకా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల (పీహెచ్‌సీల) ముందు చంకన బిడ్డలతో తల్లులు వరుస కడతారు. "నిన్నటి సంది బేదులు మేడం, ఏం పెట్టలే, నీళ్లు గూడ తాపలే" అంటారు. మంచి చేశామన్న నమ్మకంతోనే అంటారు. తాపితే ఇంకా పోతాయని ఇంట్లో పెద్దవాళ్లు చెప్పి ఉంటారు. నిజానికి బేదులతో ఒంట్లోని నీళ్లు, ఉప్పు పోతాయి. బిడ్డ ప్రాణం మీదికి వచ్చేది ఆ లోటు వల్లనే. తాగడం కూడా ఆపేస్తే లోటు పూడే దారే ఉండదు.

ముందు ఏది బేది, ఏది కాదో చూడండి. తల్లిపాలు మాత్రమే తాగే నెలల బిడ్డ రోజుకు ఆరేడు సార్లు పసుపు రంగులో, గింజగింజలుగా, పలచగా వెళ్తుంది. పాలు తాగుతూ, హుషారుగా ఉండి, బరువు పెరుగుతుంటే అది రోగం కాదు, మందు అక్కర్లేదు. మిగతా పిల్లల్లో రోజుకు మూడు సార్లు, అంతకు మించి నీళ్లలా పోతే, లేదా మామూలుగా పోయే తీరు ఒక్కసారిగా మారిపోతే బేదులుగా లెక్క.

ఓఆర్ఎస్ కలపడం

పోయిన నీళ్లను, ఉప్పును పూడ్చడానికి నీళ్లలో కలిపి తాపే ఉప్పు, గ్లూకోజు పొడి ఓఆర్ఎస్. ప్యాకెట్లు రెండు సైజుల్లో దొరుకుతాయి. పెద్దది దాదాపు 21 గ్రాములు, లీటరు నీళ్లకు. చిన్నది 4 గ్రాముల పైచిలుకు, 200 మిల్లీలీటర్లకు. ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లని రాసి ఉందో చదివాకే చించండి. ఎక్కువ పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి. పెద్ద ప్యాకెట్‌లోంచి చెంచాడు పొడి తీసి గ్లాసులో కలిపి, మిగతాది మడిచి గూట్లో పెడతారు. ఆ చెంచాలో ఉప్పెంతో చక్కెరెంతో ఎవరికీ తెలియదు. చిక్కగా కలిస్తే రక్తంలో ఉప్పు పెరిగి ఫిట్స్ దాకా పోవచ్చు. పలచగా కలిస్తే పని చేయదు. ప్యాకెట్ చించితే మొత్తం ఒకేసారి కలపాల్సిందే.

లీటరు కొలతకు చెంబును నమ్మకండి, ఒక్కో ఇంటి చెంబు ఒక్కో తీరు. లీటరు మంచినీళ్ల సీసా శుభ్రంగా కడిగి, దాని నిండా కాచి చల్లార్చిన నీళ్లు పోయండి. సబ్బుతో చేతులు కడుక్కొని ఆ నీళ్లను వెడల్పు గిన్నెలోకి వంపి, పొడి మొత్తం వేసి, పలుకు లేకుండా కరిగేదాకా కలిపి మూత పెట్టండి. కలిపాక మళ్లీ కాచవద్దు. చక్కెర, పాలు, నిమ్మరసం, సోడా ఏవీ చేర్చవద్దు. 24 గంటలు దాటితే పారబోసి కొత్తది కలపండి.

ఎంత తాపాలి? ప్రతి బేది తర్వాత రెండేళ్ల లోపు బిడ్డకు 50 నుంచి 100 మిల్లీలీటర్లు, అంటే చిన్న టీ గ్లాసులో సగం నుంచి నిండుగా. రెండేళ్లు దాటితే 100 నుంచి 200. రెండు నెలలు నిండని పసికందుకు బేదులైతే ఇంట్లో వైద్యం వద్దు, పాలు పట్టిస్తూనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

పాల సీసాలో పోసి ఇవ్వకండి. ఆ నిపుల్ ఎంత కడిగినా లోపల మురికి నిలుస్తుంది. ఉగ్గుగిన్నె, చెంచా చాలు. దాహంతో ఉన్న బిడ్డ గటగటా తాగి మొత్తం కక్కేస్తుంది. అప్పుడు "కడుపుల ఇముడ్తలేదు" అని ఆపేస్తారు. ఆపకండి. పది నిమిషాలు ఆగి, రెండు నిమిషాలకు ఒక చెంచా లెక్కన మొదలుపెట్టండి. చిన్న చెంచాకు 5 మిల్లీలీటర్లు, గంటకు 30 చెంచాలు, అంటే 150 మిల్లీలీటర్లు. నిమిషానికి ఒకటి ఇస్తే 300. నీళ్ల లోటు కనిపిస్తున్న 10 కిలోల బిడ్డకు నాలుగు గంటల్లో 750 మిల్లీలీటర్లు పట్టాలి. ఓపికగా కూర్చుంటే చెంచాతోనే అంత పడుతుంది. అలాంటి బిడ్డకు పీహెచ్‌సీలో, కళ్లముందు తాపడమే మేలు. తాగుతుండగా కనురెప్పలు ఉబ్బితే ఓఆర్ఎస్ ఆపి తల్లిపాలు, మామూలు మంచినీళ్లు ఇవ్వండి.

ఒక్క సంగతి ముందే తెలిసి ఉండాలి. ఓఆర్ఎస్ తాగినంత మాత్రాన బేదులు ఆగవు. అవి ఐదారు రోజులు సాగి వాటంతట అవే తగ్గుతాయి. ఈ మాట చెప్పకపోవడం వల్లే చాలామంది రెండో రోజుకే "పని చేస్తలేదు" అని పక్కన పెట్టేస్తారు. బిడ్డ కళ్లలో తేజు, నాలుక తడి, ఆరు గంటల్లో ఒక్కసారైనా మూత్రం: ఓఆర్ఎస్ పని చేస్తోందా లేదా అన్నది వీటిని చూసి తెలుసుకోవాలి.

ఊళ్లో ప్యాకెట్ దొరక్కపోతే, దొరికేదాకా లీటరు నీళ్లలో చదునుగా కొలిచిన ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా మెత్తటి ఉప్పు. రాళ్ల ఉప్పుతో కొలత తప్పుతుంది. కలిపాక మీరు రుచి చూడండి, కన్నీళ్ల కంటే ఉప్పగా ఉంటే పారబోయండి. గంజి, పలచటి సల్ల కూడా కాస్త ఉప్పు వేసి ఇవ్వొచ్చు. కొబ్బరినీళ్లు పైపైన ఇవ్వొచ్చు గానీ వాటిలో సోడియం తక్కువ, ఓఆర్ఎస్‌కు బదులు కావు. డబ్బా గ్లూకోజ్ పొడి, కూల్‌డ్రింకు, జ్యూసు డబ్బాలు వద్దే వద్దు. ఉప్పు లేకుండా తీపి ఎక్కువైతే అది పేగులోకి ఇంకా నీళ్లను లాగుతుంది.

షాపులో అడిగినప్పుడు అట్టడబ్బాలో తియ్యటి పానీయం చేతికొస్తే తీసుకోకండి. ఓఆర్ఎస్ అని పేరు తగిలించుకున్న ఇలాంటి పానీయాల మీద హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. అసలైన దాని లెక్క లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజు, 2.6 గ్రాముల సోడియం క్లోరైడు, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడు, 2.9 గ్రాముల సిట్రేట్. లేబుల్ మీద ఈ అంకెలు చూసుకోండి. ఆశ కార్యకర్త దగ్గర ఉచితంగా దొరికేది ఇదే.

జింక్ బిళ్ల

ఓఆర్ఎస్‌తో పాటు ఇదీ తప్పనిసరి. ఆరు నెలలు దాటిన బిడ్డకు రోజుకు 20 మిల్లీగ్రాములు, రెండు నుంచి ఆరు నెలల బిడ్డకు సగం బిళ్ల, 14 రోజులు. చెంచాలో తల్లిపాలు గానీ కాచిన నీళ్లు గానీ పోసి అందులో బిళ్ల వేస్తే కాసేపట్లో కరిగిపోతుంది. అరగంటలోపు కక్కితే మళ్లీ ఒకటి ఇవ్వండి. మూడో రోజు బేదులు తగ్గగానే ఆపేస్తుంటారు. మిగతా రోజులు కూడా వేస్తే, వచ్చే రెండు మూడు నెలల్లో మళ్లీ బేదులు పట్టుకునే అవకాశం తగ్గుతుంది.

తిండి

తల్లిపాలు ఒక్క పూట కూడా ఆపవద్దు. బాలింత కూరలో కారం తిన్నదనో, చలవ చేసేది తిన్నదనో బిడ్డకు బేదులు పట్టవు. తల్లికి కడుపునిండా పెట్టండి. ఆరు నెలలు దాటిన బిడ్డకు పెరుగన్నం, మెత్తటి పెసరపప్పు కిచిడీ, పప్పు నీళ్లలో నానిన జొన్నరొట్టె, అరటిపండు, ఇడ్లీ, కొద్దికొద్దిగా ఐదారు సార్లు పెట్టండి. కిచిడీలో చెంచాడు నూనె వేయండి. వట్టి సగ్గుబియ్యం జావ మీద నాలుగు రోజులు ఉంచితే బిడ్డ బక్కచిక్కుతుంది. టీలో ముంచిన బిస్కెట్ తిండి కాదు. అంగన్‌వాడీలో ఏడు నెలల నుంచి మూడేళ్ల దాకా నెలకు రెండున్నర కిలోల బాలామృతం ఇస్తారు. కాచిన నీళ్లలో ఉడికించి పెట్టండి. తగ్గాక కూడా రెండు వారాలు రోజుకు ఒక పూట అదనంగా తినిపిస్తే పోయిన బరువు తిరిగి వస్తుంది.

ఇళ్లల్లో వినిపించే మాటలు

"పళ్లొస్తున్నయి, గందుకే బేదులు." ఆరో నెలలో పళ్లు రావడం మొదలవుతుంది. అదే నెలలో పైతిండి మొదలవుతుంది, బిడ్డ పాకుతుంది, నేల మీది ప్రతిదీ నోట్లో పెట్టుకుంటుంది. తల్లి నుంచి వచ్చిన రక్షణ కూడా అప్పటికి తగ్గుతుంది. అన్నీ ఒక్కసారే రావడంతో నేరం పళ్ల మీద పడింది. పళ్లే కదా అని ఊరుకుంటే నీళ్ల లోటు ముదురుతుంది.

"మాడు పడ్డది." నడినెత్తి మెత్తటి చోటు లోపలికి గుంట పడితే ఆముదం అద్ది, మంత్రం వేయించి పడుకోబెడతారు. ఒంట్లో నీళ్లు తగ్గాయని బిడ్డ ఒళ్లు చెబుతున్న గుర్తు అది. పెద్దవాళ్లు చూసింది నిజమే, చేయాల్సింది మాత్రం తాపడం, ఆలస్యం చేయకుండా చూపించడం. నూనె ఆ లోటు తీర్చదు. పొట్ట మీద చురకలు పెట్టడం పసిదానికి ఇంకో గాయం చేయడమే.

"గ్లూకోజ్ ఎక్కిస్తెనే లేస్తడు." ఊళ్లో సూది, సెలైన్ మీద నమ్మకం బలంగా ఉంది. తాగగలిగే బిడ్డకు సెలైన్ అక్కర్లేదు. పేగు గోడలో ఉప్పును, గ్లూకోజును జంటగా లోపలికి తీసుకునే దారి ఒకటుంది, వాటి వెంట నీళ్లూ వెళ్తాయి. బేదులప్పుడు కూడా ఆ దారి మూసుకుపోదు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా చెలరేగి సెలైన్ అయిపోతే, డాక్టరు దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీళ్లు తాపించి వేలమందిని బతికించారు. ఆయనకు 2023లో పద్మవిభూషణ్ ఇచ్చారు. స్పృహ తప్పిన బిడ్డకు, ఏదీ తాగలేని బిడ్డకు సెలైన్ ప్రాణం నిలుపుతుంది, అదీ ఆస్పత్రిలో.

"ఆగే గోలీ ఇయ్యుండ్రి." పెద్దల బేదులు ఆపే లోపెరమైడ్ లాంటి బిళ్లలు పిల్లలకు ప్రమాదం. పేగు కదలిక ఆగి పొట్ట ఉబ్బుతుంది, బిడ్డ మత్తుగా పడిపోతుంది. పిల్లల బేదుల్లో ఎక్కువ వైరస్‌వే, వాటికి యాంటీబయాటిక్ పని చేయదు. రక్తం పడితే వేరే సంగతి, అది డాక్టరు చూసి ఇస్తారు.

"ఈతకల్లు కడుపుకు చల్వ." చెంచాడైనా వద్దు. అందులో సారా గుణం ఉంటుంది, కల్తీదైతే నిద్రమందు కూడా ఉంటుంది. ఏడాది నిండని బిడ్డకు తేనె కూడా నాకించకండి, దానిలో ఉండే ఒక సూక్ష్మజీవి పసిపిల్లల నరాలను చచ్చుబరుస్తుంది.

నీళ్ల విషయం నల్లగొండ వాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. కాచితే క్రిములు చస్తాయి, ఫ్లోరైడు పోదు. ఎక్కువసేపు మరిగిస్తే నీళ్లు ఇగిరి ఫ్లోరైడు చిక్కబడుతుంది కూడా. లీటరుకు ఒక మిల్లీగ్రాము దాకా మంచిదని, వేరే దిక్కులేకపోతే 1.5 దాకా ఓర్చుకోవచ్చని ప్రమాణం. మర్రిగూడ, నాంపల్లి వైపు బోర్లలో అంతకు మించి ఉండడం అందరికీ తెలిసిందే. అందుకని పిల్లలకు రోజూ మిషన్ భగీరథ నల్లా నీళ్లే పట్టి, తెర్లిన తర్వాత ఒక్క నిమిషం ఉంచి దించండి. ఎనిమిదేళ్ల దాకా చిగుళ్ల లోపల పక్కా పళ్లు తయారవుతుంటాయి, ఆ వయసులో తాగిన ఫ్లోరైడే తర్వాత పంటి మీద గారగా కనిపిస్తుంది. అయితే నడిరాత్రి బేదులై ఇంట్లో బోరు నీళ్లే ఉంటే వాటితోనే ఓఆర్ఎస్ కలపండి. ఒక్క రోజు ఫ్లోరైడు కంటే తాగకపోవడం ఎక్కువ ముప్పు.

జ్వరం కూడా ఉంటే పారాసిటమాల్, కిలో బరువుకు 15 మిల్లీగ్రాములు, ఆరు గంటల ఎడంతో. పది కిలోల బిడ్డకు 150. డ్రాప్స్‌లో అది ఒకటిన్నర మిల్లీలీటర్లే, ఎందుకంటే మిల్లీలీటరుకు 100 ఉంటుంది. 5 మిల్లీలీటర్లకు 125 ఉన్న సిరప్‌లో అయితే 6 మిల్లీలీటర్లు, 250 ఉన్నదాంట్లో 3. 125 సిరప్ లెక్కన 6 మిల్లీలీటర్ల డ్రాప్స్ పోస్తే నాలుగింతలు పోయినట్టే, అది కాలేయం మీద పడుతుంది. సీసా మీది అంకె చూడకుండా మూతలో వంపకండి.

ఆరు, పది, పద్నాలుగు వారాలకు వేసే రోటావైరస్ చుక్కలు మరిచిపోవద్దు. ఉపకేంద్రంలో ఉచితం.

ఎప్పుడు పరుగెత్తాలి

బొడ్డు పక్కన పొట్ట చర్మాన్ని బొటనవేలు, చూపుడువేలితో నిలువుగా పట్టి పైకి లేపి వదలండి. వెంటనే సర్దుకుంటే బాగుంది. మడత మెల్లగా పోతే నీళ్లు తగ్గాయి. రెండు సెకన్లు దాటినా మడత నిలిచి ఉంటే నిమిషం ఆలస్యం వద్దు. కళ్లు గుంటలు పడటం, ఏడ్చినా కన్నీళ్లు రాకపోవడం, తాగలేకపోవడం, ఏది తాపినా కక్కడం, మలంలో రక్తం, ఫిట్స్, పిలిచినా పలకని మత్తు: వీటిలో ఒక్కటి కనిపించినా 108కి ఫోన్ చేయండి. జబ్బచుట్టు కొలత 11.5 సెంటీమీటర్ల లోపు ఉన్న, అంటే అంగన్‌వాడీ టేపులో ఎరుపు పడే బిడ్డకు బేదులైతే మొదటి రోజే చూపించండి. ఆ పిల్లలకు ద్రవం లెక్క వేరు.

బండి వచ్చేదాకా, దారిలోనూ చెంచాతో తాపుతూనే ఉండండి. మత్తులో ఉన్న, ఫిట్స్ వస్తున్న బిడ్డ నోట్లో మాత్రం ఏమీ పోయకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టండి. ఆస్పత్రిలో డాక్టరు అడిగేవి ఇవి: నిన్నటి నుంచి ఎన్ని బేదులు, ఎన్ని వాంతులు, చివరిసారి మూత్రం ఎప్పుడు, ఎంత ఓఆర్ఎస్ పోయింది. అప్పటిదాకా వాడిన మందు సీసాలు, చించిన ప్యాకెట్ కవర్లు సంచిలో వేసుకొని వెళ్లండి.