డబ్బు కట్టి వంశ చరిత్ర వెతికించుకోవడం ఎలా?

ముత్తాత డర్బన్‌కో, మారిషస్‌కో, ఫిజీకో ఓడెక్కి వెళ్ళాడని ఇంట్లో చెప్పుకుంటారు. ఏ ఊరి నుంచి వెళ్ళాడంటే ఒక్కొక్కరు ఒక్కో పేరు చెబుతారు. ఆన్‌లైన్‌లో వెతికితే మాత్రం, మీ పూర్వీకుల్ని చూపిస్తాం కార్డు నంబరు ఇవ్వండి అనే కంపెనీలు వరసగా కనిపిస్తాయి. వీటిలో చేరిన తెలుగువాళ్ళ దగ్గర ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ఒకటే: డబ్బు కట్టాక చూస్తే మా ఊరి కాగితం ఒక్కటీ లేదు. ఫిర్యాదు నిజమే. ఆన్సెస్ట్రీ, మైహెరిటేజ్ లాంటి సైట్ల బలం అమెరికా, బ్రిటన్, యూరప్ రికార్డులు. బ్రిటిష్ ఇండియా రికార్డులకు పేరున్న ఫైండ్‌మైపాస్ట్‌లో ఉన్న చర్చి రిజిస్టర్లు కూడా ఎక్కువ భాగం యూరోపియన్లవి, ఆంగ్లో ఇండియన్లవి. మన పల్లెల్లో రైతు కూలీ కుటుంబాల పేర్లు వాటిలో ఉండవు. అందుకే కార్డు తీసే ముందు చేయాల్సిన పని కొంత ఉంది.

1. అడగదలుచుకున్నది ఒక్క వాక్యంలో రాయండి

"మా వంశవృక్షం కావాలి" అనేది ప్రశ్న కాదు. అలా అడిగితే ఎవరైనా ఏదో ఒకటి ఇచ్చి డబ్బు తీసుకుంటారు. "1890, 1900 మధ్య నాటాల్ వెళ్ళిన అప్పలసామి తండ్రి పేరు, ఊరి పేరు కావాలి" అన్నది ప్రశ్న (నాటాల్ అంటే డర్బన్ ఉన్న దక్షిణాఫ్రికా ప్రాంతం). దాని కింద ఇంట్లో దొరికేవన్నీ రాయండి: పేరు ఎన్ని రకాలుగా పలికేవారో, భార్య పేరు, పిల్లలు పుట్టిన సంవత్సరాలు, పనిచేసిన తోట పేరు, ఇంటి దేవత. అన్నిటికంటే ముఖ్యమైంది ఓడలో వెళ్ళినవాళ్ళకిచ్చిన నంబరు. నాటాల్‌లో దాన్ని కలోనియల్ నంబరు అంటారు. మారిషస్‌లో ఇమిగ్రెంట్ నంబరు, ఫిజీలో ఎమిగ్రేషన్ పాస్ నంబరు. అక్కడి పాత పెళ్ళి, మరణ ధ్రువపత్రాల్లో ఈ నంబరు తరచుగా కనిపిస్తుంది. నంబరు చేతిలో ఉంటే వారాల పని గంటల్లోకి దిగుతుంది.

2. ఉచితంగా దొరికేది ముందు చూసేయండి

నాటాల్‌కు మొదటి ఓడ ట్రూరో. మద్రాసు నుంచి 342 మందితో 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. అప్పటి నుంచి 1911 వరకు 1,52,184 మంది ఒప్పంద కూలీలుగా వెళ్ళారు. వాళ్ళ ఓడ జాబితాలను డర్బన్‌లోని గాంధీ-లుతూలి డాక్యుమెంటేషన్ సెంటర్ డిజిటల్ రూపంలోకి తెచ్చింది. దక్షిణాఫ్రికా ఆర్కైవుల ఆన్‌లైన్ సూచిక నైర్స్ (NAAIRS)లో ఎస్టేట్ ఫైళ్ళను, అంటే చనిపోయినవాళ్ళ ఆస్తి కాగితాలను, పేరుతో వెతకొచ్చు, దానికీ డబ్బు అక్కర్లేదు. మారిషస్ వలస రికార్డులు మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. రుసుము కట్టాల్సి వచ్చినా నేరుగా వాళ్ళకే కట్టండి, మధ్యవర్తికి కాదు. 2024లో మారిషస్‌లో ఏడో తరం వరకు ఓసీఐ కార్డు (భారత సంతతి విదేశీ పౌరులకు ఇచ్చేది) అర్హత ప్రకటించాక ఆ కాగితాల విలువ ఇంకా పెరిగింది.

ఫిజీ వలస 1879 నుంచి 1916 దాకా నడిచింది. కానీ మద్రాసు నుంచి ఓడలు మొదలైంది 1903లో. అంతకు ముందువన్నీ కలకత్తా ఓడలు. కాబట్టి మీ విశాఖ ముత్తాతను ఎవరైనా 1885 ఫిజీ ఓడలో చూపిస్తే, ఆ పరిశోధన అక్కడే ఆపించొచ్చు.

ఫ్యామిలీసెర్చ్ అనే వంశ రికార్డుల సైటు పూర్తిగా ఉచితం, ఖాతా తెరిస్తే చాలు. కొన్ని రికార్డుల బొమ్మలు మాత్రం వాళ్ళ కేంద్రాలకు వెళ్ళి చూడాల్సి ఉంటుంది. డబ్బు తీసుకునే పరిశోధకులు చాలామంది మొదట వెతికేది ఇక్కడే, ఆ గంటలు కూడా బిల్లులోకి వస్తాయి. కంగాణీ (కూలీలను కూడగట్టి తీసుకెళ్ళే మేస్త్రీ) పద్ధతిలో మలయా వెళ్ళినవాళ్ళకీ, సొంతంగా రంగూన్ వెళ్ళినవాళ్ళకీ ఇలాంటి మనిషి మనిషి వివరాల జాబితాల మీద ఆశ పెట్టుకోవద్దు. అలాంటి కుటుంబాలు విదేశీ సబ్‌స్క్రిప్షన్ మీద డబ్బు పెట్టడం శుద్ధ దండగ.

3. దొరికిన పద్దును తెలుగు చెవితో చదవండి

కంపెనీలు తప్పు చేసేది ఎక్కువగా ఇక్కడే, ఇంట్లోవాళ్ళు పట్టుకోగలిగేదీ ఇక్కడే. ఓడ జాబితా పద్దులో నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఠాణా, ఊరు, ఒంటి మీద గుర్తులు ఉంటాయి. మద్రాసు వైపు ఠాణా గడిలో సాధారణంగా తాలూకా పేరు రాస్తారు. ఇంటిపేరు మాత్రం ఉండదు. తర్వాతి తరాల్లో ఆ మనిషి పేరే ఇంటిపేరైపోయింది. అప్పలసామి మనవలు అందుకే అప్పలసామీలు అయ్యారు.

రాసిన గుమాస్తాకు తెలుగు రాకపోయి ఉండొచ్చు. పైగా రోమన్ లిపిలో త, ట ఒకే అక్షరం. ద, డ ఒకటే, ల, ళ ఒకటే, హ్రస్వానికీ దీర్ఘానికీ తేడా లేదు. కొత్తవలస, కోటవలస రెండూ ఒకే స్పెల్లింగులోకి దూరిపోతాయి. ఇక కొత్తవలస అనే ఊళ్ళే ఉత్తరాంధ్రలో చాలా ఉన్నాయి. పద్దును పెద్దగా పైకి చదివి, సాధ్యమైన తెలుగు రూపాలన్నీ కాగితం మీద రాసుకోండి. చికాకోల్ అంటే శ్రీకాకుళం, బిమ్లీపటం అంటే భీమునిపట్నం, కోకనాడ అంటే కాకినాడ అని తెలియని పరిశోధకుడికి ఈ పని ఇవ్వకండి.

జిల్లా పేరును ఇవాళ్టి మ్యాపులో వెతికితే దారి తప్పుతారు. చికాకోల్, టెక్కలి, సోంపేట అప్పట్లో గంజాం జిల్లాలోవి. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు విశాఖపట్నంలో కలిశాయి, 1950లో శ్రీకాకుళం జిల్లాలోకి వచ్చాయి. పాలకొండ అప్పుడు విశాఖపట్నం, తర్వాత శ్రీకాకుళం, 2022 నుంచి పార్వతీపురం మన్యం. పాత తాలూకాలో ఏ ఊళ్ళు ఉండేవో తెలుసుకోవడానికి 1961 సెన్సస్ జిల్లా హ్యాండ్‌బుక్కులు అక్కరకొస్తాయి. తాలూకాల వారీగా ఊళ్ళ జాబితా ఉంటుంది, సెన్సస్ శాఖ సైట్లో డబ్బు లేకుండా దించుకోవచ్చు.

ఒకే ఓడలో ముగ్గురు అప్పన్నలు ఉండటం మామూలే. పేరు, తండ్రి పేరు, వయసు మూడూ కలిస్తేనే మీ మనిషి అనుకోండి. కులం గడి మీద ఎక్కువ బరువు పెట్టకండి. చెప్పినవాళ్ళు ఒకటి చెప్పి, రాసినవాళ్ళు ఇంకొకటి రాసిన సందర్భాలు ఉన్నాయి.

4. సబ్‌స్క్రిప్షన్ తీసుకోవాల్సి వస్తే

కుటుంబం రెండు మూడు తరాలుగా అమెరికా, బ్రిటన్, దక్షిణాఫ్రికాల్లో ఉంటే సబ్‌స్క్రిప్షన్ పనికొస్తుంది. ముందు ఆ సైటు కలెక్షన్ల జాబితా తెరిచి, దేశం, సంవత్సరాలు చూడండి. జాబితా చూడటానికి డబ్బు అడగరు. మీ దేశం, మీ కాలం అందులో లేకపోతే కోట్ల రికార్డులున్నా మీకు ఉపయోగం లేదు.

ఉచిత ట్రయల్ సాధారణంగా 14 రోజులు. ట్రయల్ తీసుకునే ముందే వెతకాల్సిన పేర్లు, సంవత్సరాల పట్టిక సిద్ధం చేసుకోండి. చేరిన రోజే ఆటో రెన్యూవల్ ఆపే చోటు ఎక్కడుందో చూసి పెట్టుకుని, గడువుకు మూడు రోజుల ముందే రద్దు చేయండి. ఆఖరి రాత్రి దాకా ఆగితే టైమ్ జోన్ తేడాతో ఏడాది డబ్బు పోతుంది. రద్దు చేసినట్టు వచ్చిన మెయిల్ దాచుకోండి. యాప్ స్టోర్ ద్వారా కట్టినవాళ్ళు అక్కడే రద్దు చేయాలి. ఫోన్‌లోంచి యాప్ తీసేస్తే రద్దయినట్టు కాదు. ఈ భ్రమ వల్లే చాలామందికి రెండో ఏడు కోత పడుతోంది.

ఇండియా కార్డుకు కొంత రక్షణ ఉంది. రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం ఆటో డెబిట్‌కు 24 గంటల ముందు కబురు రావాలి, 15,000 రూపాయలు దాటితే ప్రతిసారీ ఓటీపీ అడగాలి. విదేశీ కార్డు వాడే ఎన్నారైలకు ఇది వర్తించదు. డాలర్లలో కట్టేటప్పుడు బ్యాంకు మార్కప్ (మారకం మీద వేసే అదనపు రుసుము), దాని మీద జీఎస్టీ కూడా కలుపుకుని లెక్క వేసుకోండి.

5. డీఎన్‌ఏ కిట్ నుంచి ఏం ఆశించాలి

ఊరి పేరు ఆశించకండి. "దక్షిణ భారతం ఇంత శాతం" అని వచ్చే మ్యాపు చూసి ముచ్చటపడటం తప్ప చేయగలిగిందేమీ లేదు. పనికొచ్చేది మ్యాచ్‌ల జాబితా, అంటే మీ డీఎన్‌ఏతో కలిసినవాళ్ళ పేర్లు. అదీ అవతలివాళ్ళ డీఎన్‌ఏ కూడా అదే కంపెనీ దగ్గర ఉంటేనే. ఇండియాలో చేయించుకున్నవాళ్ళు తక్కువ కాబట్టి వచ్చే చుట్టాలు ఎక్కువగా విదేశాల్లో ఉన్నవాళ్ళే అవుతారు.

మన కుటుంబాలకు ఇంకో చిక్కుంది: మేనరికం. సొంత పెదనాన్న, చిన్నాన్న పిల్లల మధ్య సగటున 866 సెంటీమోర్గాన్లు (ఇద్దరి డీఎన్‌ఏ ఎంత కలిసిందో చెప్పే కొలత), మూడో కజిన్ల (ముత్తాత తల్లిదండ్రులు ఒకరే అయినవాళ్ళ) మధ్య సగటున 73 కలుస్తాయని లెక్క. మేనమామ కూతుర్ని, అక్క కూతుర్ని చేసుకుంటూ వచ్చిన ఇళ్ళలో దూరపు చుట్టం కూడా దగ్గరివాడిలా కనిపిస్తాడు. కంపెనీ సైట్ "రెండో కజిన్" (ముత్తాత ఒకరే అయినవాళ్ళు) అని చూపిస్తే ఇంకో తరమో, రెండు తరాలో వెనక్కి వెతకండి. 20 సెంటీమోర్గాన్ల లోపు మ్యాచ్‌ల వెంట పడకండి.

6. పరిశోధకుణ్ణి పెట్టుకునేటప్పుడు

నా లెక్కలో డబ్బు పెట్టదగిన చోటు ఇదే, ఎందుకంటే ఊళ్ళో ఉన్న కాగితాలు ఏ సైట్లోనూ లేవు. బడి అడ్మిషన్ రిజిస్టరు, పాత అడంగల్, ఇనాం రిజిస్టరు, తెలంగాణలో సేత్వార్, 1954-55 ఖాస్రా పహాణీ (రెండూ పాత భూమి రికార్డులే), చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీ ఫైళ్ళు, వీటి కోసం మనిషి కదలాలి. వంశాలు చెప్పే వంశరాజులు కొన్ని కుటుంబాలకు ఇంకా వస్తున్నారు. వాళ్ళు చెప్పేది రికార్డు చేయించి, కాగితంతో సరిచూసుకోవాలి. సమాచార హక్కు దరఖాస్తు భారత పౌరులే పెట్టగలరు. ఓసీఐ కార్డు ఉన్నవాళ్ళు ఊళ్ళో చుట్టం చేత పెట్టించాలి.

మొదటి దఫా ఐదు గంటల పనికి మించి ఒప్పుకోకండి. అడ్వాన్సు మూడో వంతు చాలు. ఈ కింది మాటలు మెయిల్లో రాతపూర్వకంగా ఉండాలి:

- ఏ ప్రశ్నకు జవాబు వెతుకుతారు, ఏ ఆఫీసులో, ఏ రికార్డులో
- గంట రేటు, ప్రయాణం, నకళ్ళ ఫీజు విడివిడిగా
- దొరకనివి కూడా చూపే వెతుకులాట పట్టిక
- ప్రతి విషయానికీ ఫొటోతో పాటు సంపుటం, పేజీ, నంబరు
- పని మధ్యలో ఆపితే ఎంత తిరిగి ఇస్తారు

మూడో అంశం చూసి చాలామంది మూతి ముడుస్తారు, ఏమీ దొరకనిదానికి డబ్బెందుకని. చూసిన రిజిస్టరులో లేదని తేలితే, రేపు ఇంకొకరికి ఇచ్చినప్పుడు అదే రిజిస్టరుకు మళ్ళీ కట్టక్కర్లేదు. పట్టిక లేకపోతే అసలు వెళ్ళారో లేదో కూడా మీకు తెలియదు.

తప్పకుండా దొరుకుతుందని హామీ ఇచ్చేవాణ్ణి వదిలేయండి. గోత్రం చెబితే చాలు పది తరాలు తీస్తాననేవాణ్ణి ఇంకా ముందు వదిలేయండి. ఒకే గోత్రం వేల కుటుంబాలకు ఉంటుంది, దాంతో ఎవరినైనా ఏ రాజుకైనా అంటగట్టొచ్చు. పాత రిపోర్టు నమూనా పేర్లు చెరిపి చూపించమంటే చూపించనివాళ్ళు, పని మొదలుకాకముందే మొత్తం యూపీఐ చేయమనేవాళ్ళు, ఆధార్ కాపీ అడిగేవాళ్ళు కూడా ఈ కోవే. విదేశీ పరిశోధకులైతే అసోసియేషన్ ఆఫ్ ప్రొఫెషనల్ జీనియాలజిస్ట్స్ డైరెక్టరీలో ఉన్నారేమో చూడండి. అందులో ఉండటం నైపుణ్యానికి పరీక్ష కాదు, ఫిర్యాదు చేయడానికి ఒక చోటుంటుంది, అంతే.

7. రిపోర్టు చేతికొచ్చాక

అందమైన బైండింగు పక్కన పెట్టి, ప్రతి తరం దగ్గర ఒకే ప్రశ్న వేయండి: ఈ కొడుకు ఈ తండ్రికి పుట్టాడని ఏ కాగితం చెబుతోంది? ఆధారంగా "సభ్యుల వంశవృక్షం" (సైటు సభ్యులు తామే పెట్టుకున్నది) అని మాత్రమే రాసి ఉంటే, ఎవరో ఊహించి పెట్టింది ఎత్తి రాశారన్నమాట. తల్లికి 11వ ఏట బిడ్డ, ఓడెక్కిన తర్వాత ఇక్కడ పుట్టిన కొడుకు లాంటివి సంవత్సరాలు కూడితేనే బయటపడతాయి. ఊరు తేలిందంటే, ఆ ఊరి ఓటర్ల జాబితా పిడిఎఫ్ తెరిచి, రిపోర్టులో చెప్పిన ఇంటిపేరు వాళ్ళు అక్కడ ఉన్నారా అని చూడండి. పది నిమిషాల పని. లేకపోతే తప్పని తేల్చేయలేం గానీ, చివరి వాయిదా కట్టే ముందు సంజాయిషీ అడగాల్సిందే.

8. బయటికొచ్చేటప్పుడు

వంశవృక్షాన్ని జెడ్‌కామ్ (GEDCOM, వేరే సైట్లలోనూ తెరుచుకునే రకం) ఫైలుగా దించుకోండి. అందులో పేర్లు, తేదీలే వస్తాయి, ఫొటోలూ రికార్డుల బొమ్మలూ రావు. వాటిని సబ్‌స్క్రిప్షన్ ఉండగానే ఒక్కొక్కటిగా సేవ్ చేసుకోవాలి, ఫైలు పేరులో సంవత్సరం, నంబరు పెట్టి. బతికున్నవాళ్ళ వివరాలు ప్రైవేటులో పెట్టండి. 2023లో డీఎన్‌ఏ పరీక్షల కంపెనీ 23అండ్‌మి ఖాతాల సమాచారం బయటికి పోయింది, 2025లో ఆ కంపెనీ దివాలాకు దరఖాస్తు పెట్టింది. కాబట్టి డీఎన్‌ఏ పని అయ్యాక, నమూనా నాశనం చేయమనీ డేటా తీసేయమనీ విడివిడిగా కోరండి. ఒకటి అడిగితే రెండోది జరగదు.

రద్దు చేశాక కూడా డబ్బు కోస్తే ముందు కంపెనీకి మెయిల్, వారంలో జవాబు రాకపోతే బ్యాంకులో చార్జ్‌బ్యాక్ (కోసిన డబ్బు వెనక్కి ఇప్పించమనే దరఖాస్తు), ఇండియాలో ఉన్నవాళ్ళు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్. రద్దు చేసే దారి కావాలని దాచిపెట్టడాన్ని 2023 నవంబరు నాటి భారత ప్రభుత్వ డార్క్ ప్యాటర్న్ (వినియోగదారుణ్ణి మోసపుచ్చే వెబ్‌సైట్ డిజైన్) మార్గదర్శకాలు సబ్‌స్క్రిప్షన్ ట్రాప్‌గా లెక్కిస్తాయి. ఫిర్యాదులో ఆ మాట వాడి, దాచుకున్న మెయిల్‌నూ స్క్రీన్‌షాట్లనూ జత చేయండి.